తాడు మీద బాబాయి చోటు

మొన్న తెనాలిలో గుండె డాక్టరు గారు నన్ను ట్రెడ్‌మిల్ మీద నడిపించి, ఒంటికి అంటించిన తీగలు తీయిస్తూ, "కాళ్లలో బలం బాగానే ఉందండి, వాటికి సరిపడా రక్తం గుండే అందించలేకపోతోంది. మెల్లగా మొదలుపెట్టి, మధ్యమధ్య ఆగుతూ నడిస్తే ఇంకా చాలా దూరం నడవగలరు" అన్నారు. తోడెవరైనా వచ్చారా అని నర్సమ్మ అడిగితే ఎవరూ రాలేదన్నాను. బాపట్ల బస్సెక్కాక, డాక్టరు గారన్న మాట నా గురించి కాక మా బాబాయి గురించి చెప్పినట్టనిపించి, దిగేదాకా మనసు సముద్రపొడ్డున మావాళ్ల ఊరు వాడరేవులోనే ఉండిపోయింది.

పత్రికలో విలేకరిగా కొత్తగా చేరిన రోజుల్లో, సెలవు దొరికితే వాడరేవు వెళ్లి మావాళ్లతో కలిసి అలివి వల లాగేవాణ్ణి. పడవలో వెళ్లి సముద్రంలో చుట్టూ విడిచి వచ్చిన ఆ పెద్ద వలను, రెండు కొసల తాళ్లూ పట్టుకుని రెండు జట్లు ఒడ్డుకు లాగాలి. మా జట్టులో నీటి అంచున మొదటి చోటు బాబాయిది. ఆయన కేక వేస్తేనే పది మంది కాళ్లూ ఒక్కసారిగా ఇసుకలో దిగేవి. కాసేపటికే నేను రొప్పుతుంటే, "ఏంట్రా, అది కలమనుకున్నావా? చేత్తో కాదు, నడుంతో లాగు!" అని ఆయన ఎగతాళి చేసేవాడు, అందరూ నవ్వేవారు.

ఒక ఏడాది ఆయన కేకకీ కేకకీ మధ్య ఎడం పెరిగింది. లుంగీ బిగించుకునే నెపంతో ఆగి ఊపిరి తీసుకునేవాడు. ఆ సంగతి అందరికీ తెలుసనీ, తెలిసే వెనకవాళ్లు తమ అడుగు తగ్గించుకుంటున్నారనీ నాకు తట్టలేదు. ప్రేమకొద్దీ, పదిమందీ వినేలా, "నువ్వు కూర్చో బాబాయ్, నీ వల్ల కావట్లేదు, నేను లాగుతా" అనేశాను. ఒకసారి పైకి అన్నాక ఇక ఎవరు కాదనగలరు? వల యజమాని తలొంచుకుని, "అన్నా, రేపట్నుంచి నువ్వు తాడు చుట్టే పని చూడు" అన్నాడు. బాబాయి తాడు నా చేతికిచ్చి పొడి ఇసుకలోకి నడిచాడు. ఆ మధ్యాహ్నం నాకు ఎప్పటిలాగే కొసరి కొసరి అన్నం పెట్టించాడు. మళ్లీ మాత్రం ఎవరడిగినా కేక వేయలేదు.

ఆయన చేతులు ఉడిగిపోలేదనీ, ఆ నెమ్మది వేగంతోనే ఇంకొన్నేళ్లు లాగగలిగేవాడనీ ఇప్పుడు తెలిసి ఏం లాభం? చెప్పుకుందామంటే ఆయనా లేడు, ఆ జట్టులో ఒక్కరూ మిగల్లేదు.

మా ఆవిడ పోయాక రోజూ పొద్దున ఒక్కణ్ణే మైదానంలో నడుస్తున్నాను. ఆయాసం వచ్చి నిలబడితే కుర్రవాళ్లు మర్యాదగానే పక్కకు తప్పుకుని సాగిపోతారు. గుండె ఎలా కొట్టుకుంటోందో ఎవరి చేతి గడియారం వాళ్లకు చెబుతోంది. పక్కవాడి ఊపిరి వినాల్సిన పని ఇప్పుడెవరికీ లేదు.