కింది గుర్తులు

హార్మోనియం రాకముందు మా సంఘంలో పాట ఎత్తుకునేది నా పిల్లంగ్రోవే. తాటాకు ప్రార్థనశాలలో ఒక పక్క చాపల మీద మగవాళ్ళు, ఇంకో పక్క ఆడవాళ్ళు కూర్చునేవారు. నేను బోధకుడి బల్ల పక్కన నిలబడి మొదటి పాదం ఊదితే అందరూ ఆ దారినే వచ్చేవారు. చిన్నప్పుడు పశువుల వెంట తిరుగుతూ ఎవరూ చెప్పకుండా నేర్చుకున్న విద్య అది. ప్రభువు దాన్ని కూడా తన పనికి తీసుకున్నాడని మురిసిపోయేవాణ్ణి. బడిలో అక్షరాలు చెప్పినందుకు నన్ను పంతులుగారనేవారు గాని, ఆ బల్ల పక్క చోటే నాకు అసలు గౌరవం.

ఆ తాటాకు శాలకు బదులు పెంకుల గుడి గోడలు లేస్తున్న రోజుల్లో నరసాపురం నుంచి కాలవ పడవలో కాళ్ళతో తొక్కే హార్మోనియం వచ్చింది. గుడి పూర్తయ్యేదాకా దాన్ని బడి గదిలో పెట్టారు. వాయించడం ఎవరికైనా నేర్పుతామన్నారు మా మిషను దొరసానిగారు. నన్నే పిలుస్తారని ఉతికిన పంచె కట్టుకుని కూర్చున్నాను. ఆమె మా బావమరిదిని పిలిచారు. నా భార్యకు తమ్ముడు, మీసమైనా సరిగా రానివాడు. వాడి వేళ్ళు పొడుగ్గా ఉన్నాయట.

వాడు వాయించడం ఒక్కటే అయితే ఓర్చుకునేవాణ్ణేమో. వాడు కాగితం చూసి వాయించడం మొదలుపెట్టాడు. ఐదు గీతలు, వాటి మీద పుల్లకు గుచ్చిన నేరేడు పళ్ళలాంటి గుర్తులు. నేను చెవిన పడ్డ పాటే ఊదగలను. వాడు ఎన్నడూ విననిదాన్ని కూడా పలికిస్తున్నాడు. పైగా గుడి ప్రతిష్ఠ రోజున ఎవరూ వినని కొత్త రాగంలో కీర్తన పాడించాలని దొరసానిగారు నిశ్చయించారు. అంటే ఆ గుర్తులు చదవగలవాడే ఆ రోజు పాట ఎత్తుకుంటాడు. కొత్త గుడిలో బల్ల పక్క చోటు వాడిదైపోతుంది.

"అడిగితే మా తమ్ముడు చెప్పడా అండీ?" అంది నా భార్య.

"వాణ్ణి నేను అడగాలా?"

"అడక్కండి మరి. వాడు వాయిస్తుంటే కిటికీ కింద దొంగలా కూర్చుని వినండి. అది చాలా మర్యాద!"

నేను చేసింది అక్షరాలా అదే. వాడికి మొదట ఇచ్చిన కాగితంలో గుర్తులు మెట్లెక్కినట్టు ఒక్కొక్కటే పైకి పోయేవి. గీత మీద ఒకటి, గీతల సందులో ఒకటి. బడి వదిలాక వాడు వాటిని వరసగా నొక్కేవాడు. నేను కిటికీ కింది అరుగు మీద కూర్చుని ఒక్కో ధ్వనినీ నా వేళ్ళ కింద వెతుక్కునేవాణ్ణి. నా పాత పిల్లంగ్రోవి శ్రుతి హార్మోనియంతో కలవలేదు. గోదావరి మీద తెప్పలుగా వచ్చే వెదుళ్ళలో సన్నది ఒకటి అడిగి తెచ్చి, సరిపడే దాకా కోసి కొత్తది చేసుకున్నాను. బోలు గుర్తయితే ఎక్కువసేపు నిలపాలనీ, నిండు గుర్తయితే వదిలెయ్యాలనీ వాడి తప్పులు వినే తెలుసుకున్నాను. వాడు తప్పు వాయించి మళ్ళీ మొదలెట్టినప్పుడల్లా నా ప్రాణానికి హాయిగా ఉండేది.

తెల్లవారుజామున మోకాళ్ళూని, నాకు తెలివి దయచేయమని అడిగేవాణ్ణి. వాడి వేళ్ళు తడబడాలని మాత్రం అడగలేదు. అడగకపోయినా నా మనసు దేవునికి తెలుసు. ఆ వారం బడిలో చెప్పవలసిన వాక్యపాఠం, తంతివాద్యం వాయించే కుర్రవాడి మీద రాజు అసూయ పట్టలేక ఈటె విసిరిన కథ. దాన్ని దాటేసి తరువాతి పాఠం చెప్పాను.

ఇక కొత్త కీర్తన. దాని పుస్తకం హార్మోనియం మీదే ఉండేది. చూస్తే ఒక్కొక్క పుల్లకు రెండేసి పళ్ళు, ఒకటి పైన, ఒకటి కింద. ఇదేమిటని కాసేపు తికమకపడి, తరువాత నాకు నేనే తేల్చుకున్నాను. మన సంఘంలో ఆడవాళ్ళు వేరు, మగవాళ్ళు వేరు. పైవి ఆడ గొంతులకు, కిందివి మగ గొంతులకు అయి ఉంటాయి. ఆ దిగువన మరో ఐదు గీతలున్నాయి. అవి తొక్కే కాళ్ళకేమోనని వాటి జోలికి పోలేదు. మగవాణ్ణి గనక కింది గుర్తులన్నీ ఒక్కటి పోకుండా నేర్చుకున్నాను.

పాట నేర్పడానికి సంఘాన్ని పిలిచిన సాయంత్రం మా బావమరిది హార్మోనియం ముందు కూర్చోబోతుంటే నేను లేచాను.

"అమ్మగారూ, ఆ రాగం నాకూ వచ్చండి. పుస్తకం చూసి చదివాను."

వాడు నోరు తెరిచాడు. దొరసానిగారు ఆశ్చర్యపోయి, "ఊదండి" అన్నారు.

ఊదాను. రెండు పాదాలు అయ్యేసరికి చాపల మీద గుసగుసలు. నా ధ్వని ఒక్కచోటే ఆగి, కాస్త దిగి, మళ్ళీ అక్కడికే వచ్చేది. ఊదుతున్న నాకే అది పాటలా లేదు.

"ఏంటి అల్లుడుగారూ, ఒక్క మెట్టు మీదే కూర్చుండిపోయారు? మోకాళ్ళ నొప్పులా?" అంది మా అత్తగారి అక్క. ఆడవాళ్ళ పక్క నవ్వు పగిలింది. మా బావమరిది తల వంచుకున్నాడు, నవ్వు దాచుకోవడానికే.

దొరసానిగారు నవ్వలేదు. "ఒక్క గుర్తు కూడా తప్పలేదు. కాని ఇది అసలు రాగం కాదు, దాని కింద నడిచే రెండో గొంతు," అని, మా బావమరిదిని పై గుర్తులు మాత్రమే వాయించమని, నన్ను మళ్ళీ ఊదమన్నారు.

రెండూ కలిశాయి. అలాంటి ధ్వని మా ఊళ్ళో అంతకు ముందెవరూ వినలేదు. రెండు పాటలు ఒకేసారి నడుస్తూ ఒకదాన్నొకటి తొక్కుకోకపోవడం చూసి చాపల మీద అలికిడి ఆగిపోయింది. నన్ను వెక్కిరించిన ముసలామే, "స్తోత్రం" అంది.

"వాడికి ఎడమ చెయ్యి ఇంకా కుదరలేదు. ప్రతిష్ఠ రోజున మీరు వాడి కింద ఊదాలి," అన్నారు దొరసానిగారు.

వాడి కింద. ఆమె మెచ్చుకుంటూనే అన్నారు. నాకు మాత్రం చెంప మీద కొట్టినట్టయింది.

ప్రతిష్ఠ రోజున గుడి నిండింది. చుట్టుపక్కల పొలాల రైతులు, కోరుకొండ దారిన వచ్చిన చుట్టాలు కూడా కిటికీల దగ్గర నిలబడ్డారు. బల్ల పక్కన హార్మోనియం, దాని వెనక గోడవారగా నేను. మా బావమరిది పాట ఎత్తుకున్నాడు. అందరి చూపూ వాడి వేళ్ళ మీదే. పాడేవాళ్ళంతా వాడి దారినే పోతున్నారు. రెండు చరణాలు ఊదాను. ఒక్కరూ నా వైపు చూడలేదు. మూడో చరణం మొదట్లో పిల్లంగ్రోవిని పెదవుల నుంచి దించాను.

జనం పాడుతూనే ఉన్నారు. కాని హార్మోనియం తడబడింది. ఒక గుర్తు తప్పింది, వెంటనే మరొకటి. వాడు మెడ తిప్పి నా వైపు చూశాడు. నీళ్ళలో కాళ్ళకు నేల దొరకనివాడి చూపు అది.

ఆ పాదం పూర్తయ్యేదాకా వాణ్ణి అలాగే చూడనిచ్చాను. తరువాత పిల్లంగ్రోవి ఎత్తి కింది గుర్తులు అందుకున్నాను. వాడు నిలదొక్కుకున్నాడు.

ఆరాధన అయ్యాక గుడి మెట్ల దగ్గర వాడు నా పక్కకు వచ్చాడు. చుట్టూ జనం వాడి భుజం తడుతున్నారు.

"ఊపిరి అందలేదా బావగారూ?" అన్నాడు మెల్లగా.

"అందింది," అన్నాను.