అంచు వంకాయ గింజలు

నమ్మి అడిగిన మనిషికి నేను చచ్చిన విత్తనాలు ఇచ్చాను. అవి వాటంతట అవి చచ్చినవి కావు. మూకుడులో సన్న ఇసుక పోసి, పొయ్యి మీద పెట్టి, ఇసుక కాగాక గింజలు అందులో కలిపి, నేనే చంపాను. మరీ కాగితే గింజ నల్లబడుతుంది, సంగతి బయటపడుతుంది. అందుకని మధ్యమధ్య వేలితో చూసుకుంటూ మంట తగ్గించాను. చల్లారాక టీ వడగట్టే జల్లెడలో పోస్తే ఇసుక కిందికి పోయింది, గింజలు పైన మిగిలాయి. చూడ్డానికి బంగారంలా ఉన్నాయి. పొట్లం కట్టి, నవ్వుతూ ఇచ్చాను.

ఇన్నేళ్ళూ దీన్ని ఎవరికీ చెప్పకుండా మోశాను. మీరెవరో నాకు తెలియదు. అదే నయం. తెలిసినవాళ్ళకి చెబితే సగంలోనే "పోనీలెండి" అంటారు. ఆ మాట వినడం కోసం నేను ఇది రాయడం లేదు. మీరు వింటే చాలు.

నేను పెద్దగా చదువుకున్నవాణ్ణి కాదు. ఏడో తరగతితో బడి మానేసి మోటార్లకు వైండింగ్ చేసే పనిలో చేరాను. తర్వాత సొంత కొట్టు పెట్టుకున్నాను. చదువంతా రాగి తీగ చుట్టుకుంటూ, పక్కన పుస్తకం తెరిచి పెట్టుకుని చదివిందే. అందువల్ల నాకు రెండు జబ్బులు పట్టాయి. తెలిసింది నలుగురి ముందూ చెప్పకుండా ఉండలేను. డిగ్రీలున్నవాళ్ళు నన్ను "ఏమయ్యా" అంటే ఓర్చుకోలేను. కొట్టుకి మోటారు తెచ్చిన ప్రతి లెక్చరరూ, ప్రతి ఆఫీసరూ నన్ను ఏమయ్యా అన్నవాళ్ళే.

కొట్టు అమ్మేశాక భవానీపురంలో మా ఇంటి మేడ మీద తొట్లు పెట్టి కూరగాయలు పండించడం మొదలుపెట్టాను. అప్పటికే ఊళ్ళో ఇలాంటివాళ్ళం కొందరం పోగయ్యాం. ఆదివారాలు పటమటలో ఒక పార్కులో కలిసేవాళ్ళం. విత్తనాలు మార్చుకునేవాళ్ళం. అమ్మడం లేదు, కొనడం లేదు. మాకు ఉన్నవి రెండే కట్టుబాట్లు. పొట్లం మీద, ఆ విత్తనం మొదట ఎవరింటి నుంచి వచ్చిందో వాళ్ళ పేరు రాయాలి. ఇచ్చిన మనిషి దగ్గర ఆ రకం పోతే, తీసుకున్నవాడు తను నారు పోసుకోవడానికి ముందు వాళ్ళకి తిరిగి ఇవ్వాలి. ఈ రెండో కట్టుబాటు పెట్టించింది నేనే. విత్తనాల కంపెనీలను అక్కడ నిలబడి ఎన్నిసార్లు తిట్టానో. రైతుని ఏటా తమ గుమ్మం ముందు నిలబెట్టుకోవడానికే ఆ గింజలు దాచుకుని మళ్ళీ వేస్తే పనికిరాకుండా తయారు చేస్తారని, అంతకన్నా నీచం లేదని. నా గొంతు గట్టిది. పార్కులో నడిచేవాళ్ళు కూడా ఆగి వినేవాళ్ళు.

మాణిక్యమ్మ గారు అక్కడే పరిచయం. అసలు పేరు అది కాదు. నేతపని చేసే ఇంట్లో పుట్టిన మనిషి, పెళ్ళయ్యాక బెజవాడ వచ్చారు. వాళ్ళ అమ్మగారు నూలుకి గంజి పెట్టగా మిగిలిన నీళ్ళు పోసి ఒక వంగ రకాన్ని పెంచేదట. లేత ఆకుపచ్చ కాయ, తొడిమ దగ్గర చుట్టూ ఊదారంగు గీత. చీర అంచులా ఉంటుందని అంచు వంకాయ అన్నారట. మాణిక్యమ్మ గారు ఒక ఆదివారం చిటికెడు గింజలు నా అరచేతిలో పోశారు. "అన్నయ్య గారూ, మీరు శ్రద్ధగల మనిషి. మా అమ్మది మీ దగ్గర కూడా ఒకటి ఉంటే నాకు ధైర్యం" అన్నారు.

ఆ వంగ నా మేడ మీద విరగకాసింది. అదే ఏడు వాళ్ళాయన మంచాన పడ్డారు. ఆవిడ ఆదివారాలు రావడం మానేశారు. పాతవాళ్ళు కొందరు చెదిరిపోయారు, కొత్తవాళ్ళు చేరారు. కొత్తవాళ్ళకి ఆవిడ తెలియదు. ఒకరోజు నేను బుట్టలో కాయలు తీసుకెళితే ఒక రిటైర్డ్ లెక్చరరు గారు చేతిలోకి తీసుకుని, "ఇంత మంచి రకాన్ని నిలబెట్టారు, మీరు మామూలువారు కాదండీ" అన్నారు.

అండీ అన్నారు. నన్ను.

ఇది నాది కాదు, మాణిక్యమ్మ గారి అమ్మగారిది అని ఆ క్షణాన అనవలసింది. నాలుక మీదికి వచ్చింది కూడా. తర్వాత చెబుదాం అనుకున్నాను. ఆ తర్వాత అనేది రాలేదు. వారం తిరిగేసరికి అందరూ దాన్ని నా పేరు పెట్టి పిలవడం మొదలుపెట్టారు. నేను ఎవరికీ గింజ ఇవ్వలేదు. నారు మాత్రమే ఇచ్చేవాణ్ణి. వాళ్ళు కాయలన్నీ లేతగా కోసుకుని తినేసేవాళ్ళు. ఏ కాయనీ పండనిచ్చి విత్తనం తీసే ఓపిక ఒక్కరికీ లేదని నాకు తెలుసు. మళ్ళీ ఏడు మళ్ళీ నా గుమ్మం ముందుకే వచ్చేవాళ్ళు. నేను తిట్టిన కంపెనీకీ నాకూ తేడా ఏమిటి? ఆ ప్రశ్న అప్పుడు నాకు తట్టలేదా? తట్టింది. తట్టినా ఊరుకున్నాను.

మాణిక్యమ్మ గారి భర్త పోయారు. ఆసుపత్రి చుట్టూ తిరిగిన నెలల్లో ఆవిడ తొట్లు ఎండిపోయాయి, సీసాలో దాచిన గింజలకి చెమ్మ తగిలి బూజు పట్టింది. తొలకరికి ముందు ఆవిడ మా ఇంటికి వచ్చారు. "మా అమ్మ వంకాయ మీ దగ్గర ఉందిగా, నాకేం భయం" అన్నారు. రేపు రమ్మన్నాను. గింజలు చెరగాలి అన్నాను.

ఆ మధ్యాహ్నమే మూకుడు పొయ్యెక్కింది. మా ఆవిడ పెరట్లోంచి కేకేసింది, "ఏం వేయిస్తున్నారు, శనగకాయలా?" అని. అవునన్నాను. ఆమెతో కూడా అబద్ధం. ఇప్పుడు ఆమె లేదు. ఆ మధ్యాహ్నం గురించి నన్ను అడగగలిగిన ఒకే ఒక్క మనిషి కూడా పోయింది.

ఎందుకు చేశాను? ఆవిడ మళ్ళీ ఆ మొక్క పెంచితే, ఒక ఆదివారం బుట్ట పట్టుకుని పార్కుకి వస్తే, "మా అమ్మ అంచు వంకాయ" అని నలుగురి ముందూ అంటే, నేను మళ్ళీ ఏమయ్యా అయిపోతాను. అంతే. ఇంతకన్నా పెద్ద కారణం ఏదైనా ఉంటుందేమోనని ఇన్నేళ్ళూ నాలో నేను వెతుక్కున్నాను, కాస్త గౌరవంగా చెప్పుకోగలిగే కారణం ఏదైనా దొరికితే బావుండునని. లేదు.

అయితే నేను అసలు ఒప్పుకోవలసింది ఇసుక సంగతి కాదు. ఆ తర్వాతది. కొన్ని వారాల తర్వాత ఆవిడ మళ్ళీ వచ్చారు. మేడ మెట్ల మీదే కూర్చున్నారు.

"ఒక్కటీ మొలవలేదండీ అన్నయ్య గారూ."

"మట్టి బిగిసిపోయిందేమో" అన్నాను.

"మట్టి నేను కలిపిందే. ఎప్పుడూ కలిపేదే. మట్టిదేం తప్పు లేదు." కాసేపు కొంగు చివర మెలిపెట్టారు. "మా ఆడపడుచు ముందే చెప్పింది. పసుపు కుంకుమ పోయిన చెయ్యి వదినా, విత్తనం ముట్టుకోకు, మొలవదు అని. నేనే ఎగతాళి చేశాను."

నేను మెట్టు మీద రాలిన ఆకు ఏరి పక్కన పడేశాను.

"మీరు ఇలాంటివి నమ్మరుగా. ముహూర్తం చూసి నారు పోస్తానన్నందుకు పార్కులో ఆ బ్యాంకాయన్ని ఎంత చెడామడా తిట్టారు. నేలకి తిథి తెలుసా అని. నాకూ చెప్పండి. మా ఆడపడుచుది ఒట్టి చాదస్తమే కదా?"

చాదస్తమేనమ్మా, అనాలి. జీవితమంతా అన్న మాటే. నారు ఉంది, నాలుగు మొక్కలు పట్టుకెళ్ళండి, అన్నా సరిపోయేది. కానీ చెయ్యి మంచిదైతే గింజ చెడ్డదవుతుంది. గింజ చెడ్డదైతే అది ఇచ్చింది నేను.

"ఏమోనమ్మా. కొన్ని మనకి తెలియవు" అన్నాను.

ఆవిడ నా మొహంలోకి చూశారు. "మీరే అలా అంటే ఇంక నేనేం మాట్లాడతాను లెండి" అని నవ్వారు. లేచి వెళుతూ, "మా తొట్లు మీరు తెప్పించుకోండి. మీ చేతిలోనైనా పచ్చగా ఉంటాయి" అన్నారు.

తెప్పించుకున్నాను. అవును, అవి కూడా తెప్పించుకున్నాను. ఈ వాక్యం రాస్తుంటే నా మీద నాకే ఒళ్ళు మండుతోంది. ఆ తొట్లు ఇప్పటికీ నా మేడ మీద ఉన్నాయి. పొద్దున్నే మొదటి నీళ్ళు వాటికే పోస్తాను. అంచు వంకాయ ఏటా కాస్తూనే ఉంది. నేను తినను. మా ఆవిడ వండిన రోజుల్లో కూడా పక్కకి నెట్టేసేవాణ్ణి. ఇప్పుడు వండేవాళ్ళూ లేరు. కోసి కిందింటి వాళ్ళకి ఇచ్చేస్తాను, వాళ్ళు బాగున్నాయంటారు, నేను పైకి వచ్చేస్తాను. సాయంత్రం వేళ ఆ మేడ మీద పలకరించే మనుషులు ఉండరు. మొక్కలు ఉంటాయి. వాటికి నా సంగతి తెలుసనిపిస్తుంది.

ఆవిడ గన్నవరం దగ్గర చెల్లెలి ఇంటికి వెళ్ళిపోయారని తెలుసు. మర్చిపోయి ఉంటారులే అనుకున్నాను. ఈ మధ్య ఒక ఆదివారం ఆవిడ చెల్లెలి కూతురు మా పార్కుకి వచ్చింది. మాటల్లో, "మా పెద్దమ్మకి ఇవన్నీ బాగా తెలుసు బాబాయి గారూ. కానీ తొట్టి ముట్టుకోదు. తులసికి నీళ్ళు పొయ్యమన్నా పొయ్యదు. తన చెయ్యి తగిలితే చచ్చిపోతుందట" అంది. నవ్వుతూనే అంది. చుట్టూ ఉన్నవాళ్ళూ నవ్వారు.

నేను మర్నాడే గన్నవరం బస్సెక్కాను. జేబులో పొట్లం. దాని మీద మాణిక్యమ్మ గారి అమ్మగారి అంచు వంకాయ అని రాశాను. మొదటిసారి రాశాను.

ఆవిడ వరండాలో కూర్చుని చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తున్నారు. జుట్టు ముగ్గుబుట్టలా అయింది. నన్ను గుర్తుపట్టి కుర్చీ చూపించారు. నేను కూర్చోలేదు. నిలబడే చెప్పాను. ఇసుక గురించి, జల్లెడ గురించి, ఆ వంకాయకి పడ్డ నా పేరు గురించి, మెట్ల మీద నేనన్న మాట గురించి. మీ చెయ్యి మంచిది, ఎప్పుడూ మంచిదే, చెడ్డది నాది, అన్నాను. ఆవిడ చేతులు ఒకసారి ఆగాయి. మళ్ళీ కదిలాయి. పళ్ళెంలో ఉన్న కాయలన్నీ అయ్యేదాకా తలెత్తలేదు. అయ్యాక పళ్ళెం తీసుకుని లోపలికి వెళ్ళారు. బయటికి రాలేదు. పొట్లం పిట్టగోడ మీద పెట్టి వచ్చేశాను.

బస్టాండులో, సిగ్గులేకుండా, ఆకలి వేసింది. ఇడ్లీ తిన్నాను. రుచి తెలిసింది. దాన్ని ఊరట అనుకోవాలా? ఆవిడకి ఏమీ తగ్గలేదు, నాకు మాత్రం ఏదో దిగింది. ఇదెక్కడి న్యాయం?

ఆదివారం పార్కులో కూడా చెప్పాను. అంతా చెప్పాను. ఆ లెక్చరరు గారు నా భుజం తట్టి, "పోనీలెండి, పెద్దవారు, ఎప్పటి మాటో" అన్నారు. ఒక్కరు తిట్టలేదు. నాకు పట్టరాని కోపం వచ్చింది. ఒక మనిషి చేతిని నేను చంపానంటే మీకు వినపడలేదా అని అరిచాను. టీ ఫ్లాస్కు మూత తీస్తూ ఎవరో మాట మార్చారు. అందుకే మీకు రాస్తున్నాను.

నిన్న ఆవిడ ఫోను నుంచి ఒక వాయిస్ మెసేజ్ వచ్చింది. ఎన్నిసార్లు విన్నానో. పేరు తప్ప ఒక్క మాట మార్చకుండా ఇక్కడ రాస్తున్నాను.

"అన్నయ్య గారూ, నేను మాణిక్యాన్ని. మీ పొట్లం ఇంకా విప్పలేదు. మా చెల్లెలికి మనవరాలు పుట్టినప్పుడు పాపని తెచ్చి నా చేతికి ఇవ్వబోయారు. నా చెయ్యి మంచిది కాదని వెనక్కి జరిగాను. ఇన్నాళ్ళూ అలాగే జరుగుతూ వచ్చాను. నా చెయ్యి మంచిదేనని మీరు మొన్న చెప్పారు. ఇప్పుడు ఆ పాప నేను ఎత్తుకునేంత చిన్నది కాదండీ."