మూడో ముక్క

మా ఆయన పిల్లల గౌన్లు కుట్టే ఫ్యాక్టరీలో జీవితమంతా మిషన్ ముందు వంగి కూర్చున్న మనిషి. రిటైరయ్యాక అయినా ఆ నడుముకి కాస్త విశ్రాంతి ఇస్తారని ఆశపడ్డాను. ఎక్కడిది? పోయి పోయి ఇంకో మిషన్ కొనుక్కొచ్చి, దాని ముందు వంగి కూర్చున్నారు.

దాన్ని స్క్రోల్ సా అంటారట. నేను రంపం మిషన్ అంటాను, ఆయనకి కోపం వస్తుంది. చూడ్డానికి కుట్టుమిషన్‌కి తోబుట్టువులాగే ఉంటుంది. సూది ఉండాల్సిన చోట సన్నటి రంపపు బ్లేడు ఉంటుంది, పైనా కిందా బిగించి. అది టకటకా ఆడుతుంటే, చెక్కని రెండు చేతులతో పట్టుకుని గుడ్డని తిప్పినట్టు మెల్లిగా తిప్పాలి. ముందు కాగితం మీద బొమ్మ గీసి, ఆ కాగితాన్ని చెక్కకి అంటిస్తారు. లోపలి భాగం కొయ్యాలంటే ఒక చిన్న బెజ్జం వేసి, బ్లేడు పైకొస ఊడదీసి, ఆ బెజ్జంలోంచి దూర్చి మళ్లీ బిగిస్తారు.

"సూదిలో దారం ఎక్కించడం లాంటిదే కదే" అన్నారు నాకు మొదటిసారి చూపిస్తూ.

"దారం గుచ్చుకోదు" అన్నాను నేను.

గుచ్చుకోవడం ఆయనకి కొత్తేమీ కాదు లెండి. కుర్రతనంలో ఎప్పుడో మిషన్ సూది ఎడమచేతి చూపుడువేలి గోట్లోంచి దిగి అవతలికి వచ్చిందట. అప్పట్నుంచీ ఆ వేలికొసకి స్పర్శ లేదు. పొగలు కక్కే గ్లాసు పట్టుకున్నా దానికి తెలియదు. "నాకంటే ముందే ఈ వేలు రిటైరైపోయింది" అని అందరికీ చూపించి నవ్విస్తుంటారు.

కానీ ఒక్క విషయంలో మాత్రం ఆయన దగ్గర నవ్వులాటలు సాగవు. ఫ్యాక్టరీలో సూది విరిగితే మిషన్ ఆగిపోవాలి. విరిగిన ముక్కలన్నీ ఏరి, తెల్ల కాగితం మీద పక్కపక్కన పేర్చి, పక్కనే కొత్త సూది పెట్టి, పొడవు సరిపోయిందని సూపర్‌వైజరుకి చూపించాకే మళ్లీ కాలు కదపాలి. సరిపోకపోతే ఆ బల్ల మీదున్న గౌన్లన్నిటి మీదా అయస్కాంతం తిప్పేవారట. ఆయన చేరిన కొత్తలో ఈ పద్ధతి ఇంత గట్టిగా ఉండేది కాదట. ఒకరోజు ఒక తల్లి చేత్తో గౌను పట్టుకుని ఫ్యాక్టరీ గేటు దాకా వచ్చింది. మెడ కుట్టులో సూది మొన ఉండిపోయింది. ఆవిడ ఎవరినీ పల్లెత్తు మాట అనలేదట. గౌనుని గేటు మీద ఆరేసినట్టు వేసి వెళ్లిపోయిందట. ఈ సంగతి మా ఆయన ఎన్నిసార్లు చెప్పారో! రంపం మిషన్‌కీ అదే పద్ధతి. బ్లేడు విరిగితే కాగితం పరవాలి, ముక్కలు పేర్చాలి, పొడవు చూడాలి. అప్పటిదాకా భోజనానికి పిలిచినా రారు.

మా అమ్మాయీ, అల్లుడూ, పాపా వచ్చి కొన్నాళ్లు మా దగ్గర ఉన్నారు. పాపకి అప్పుడప్పుడే పళ్లు వస్తున్నాయి. కనపడిందల్లా నోట్లోకే. నా చీర చెంగు, వాళ్ల నాన్న కళ్లజోడు, ఆఖరికి కుర్చీ కోడు కూడా వదల్లేదు.

"కొరుక్కోడానికి తాతయ్య ఏనుగు చేసిస్తాడు" అని మా ఆయన మాటిచ్చేశారు.

తల్లి ఏనుగు, దాని పొట్టలో పిల్ల ఏనుగు. రెండూ ఒకే చెక్కలోవి. పిల్లని బయటికి తీస్తే తల్లి పొట్టలో సరిగ్గా దాని ఆకారంలోనే ఖాళీ ఉంటుంది. మళ్లీ పెడితే గీత కూడా కనపడనట్టు కూర్చుంటుంది. నోట్లో పెట్టుకునేది కదా అని రంగు కూడా వెయ్యలేదు. తల్లి ఏనుగు చెవులు మూడుసార్లు గీసి మూడుసార్లు చింపేశారు. అలా చెవుల దగ్గరే పుణ్యకాలం గడిచిపోయి, వాళ్లు బయల్దేరే రోజు పొద్దున్నకి పిల్ల ఏనుగు ఇంకా తల్లి కడుపులోనే ఉంది.

వీధిలో ఆటో వచ్చి నిలబడింది. అల్లుడు సామాను ఎక్కించి, "మావయ్యా, బస్సు వెళ్లిపోతుంది!" అని కేక వేశాడు. ఆటోవాడు హారన్ మీద చెయ్యి తియ్యలేదు. వెనక గదిలో మిషన్ టకటకలాడుతూ ఉండగా టప్‌మని చప్పుడైంది. నేను తొంగి చూశాను. ఆయన వేలు నోట్లో పెట్టుకున్నారు.

"ఏమైందండీ?"

"బ్లేడు విరిగింది. ఏం లేదు, కాస్త గీరుకుంది."

గుడ్డపేలిక వేలికి చుట్టుకున్నారు. ముక్కలు తీసి డబ్బాలో పడేశారు. కొత్త బ్లేడు బిగించారు, తొండం పూర్తిచేశారు, గరుకు కాగితంతో అంచులు రుద్దారు, ఉరుక్కుంటూ వెళ్లి ఆటోలో తల్లి ఏనుగుని అమ్మాయి ఒళ్లో, పిల్లని పాప చేతిలో పెట్టారు. పాప ఆ పిల్ల ఏనుగు తొండాన్ని అమాంతం నోట్లో పెట్టుకుంది. మేమందరం పకపకా నవ్వాం.

వాళ్లు వెళ్లాక ఇల్లు బోసిపోయింది. నేను గిన్నెలు ముందేసుకున్నాను. ఆయన గది సర్దుకుంటానని వెళ్లారు. చాలాసేపటి దాకా చీపురు చప్పుడే వినపడలేదు.

"ఒకసారి ఇలా రా" అని పిలిచారు.

ఆ గొంతు నేను ఎన్నడూ వినలేదు. చేతులు తుడుచుకోకుండానే వెళ్లాను. బల్ల మీద తెల్ల కాగితం ఉంది. దాని మీద రెండు బ్లేడు ముక్కలు, పక్కన కొత్త బ్లేడు. రెండు ముక్కలకీ మధ్య బియ్యపు గింజంత ఖాళీ.

"కింద పడి ఉంటుంది లెండి" అన్నాను.

"పడే ఉంటుంది" అన్నారు. అప్పటికే ఆయన మోకాళ్ల మీద ఉన్నారు.

నేల తుడిచాం. రంపపు పొట్టునంతా పిండి జల్లెడలో పోసి జల్లించాం. పాత రేడియో స్పీకరు పగలగొట్టి అయస్కాంతం తీశారు. దాన్ని గది మూలమూలలా తిప్పాం. చీలలు దొరికాయి, గుండుసూదులు దొరికాయి, నేను పోగొట్టుకున్న పిన్నీసు కూడా దొరికింది. ఆ ముక్క దొరకలేదు.

"తొండం కోస్తుంటే విరిగిందే. ఆ సందులోనే ఇరుక్కుని ఉంటే..." అని ఆగిపోయారు.

పాప నోట్లో పెట్టుకున్నది ఆ తొండమే. అమ్మాయికి ఫోన్ చేశాను. అందుబాటులో లేదంది. అల్లుడికి చేశాను. అదే మాట. బస్సు కొండదారి ఎక్కి ఉంటుంది, అక్కడ సిగ్నల్ ఉండదని తెలుసు. తెలిసీ ఇద్దరం చెరో ఫోనూ పట్టుకుని నొక్కుతూనే ఉన్నాం.

నాకు భయం పెరిగితే నోరు కూడా పెరుగుతుంది.

"ఊళ్లోవాళ్ల పిల్లల కోసం జన్మంతా సూది ముక్కలు ఏరారు. సొంత మనవరాలి దగ్గరికొచ్చేసరికి తొందరొచ్చిందా?" అనేశాను.

ఆయన నేలమీద కూర్చుని, ఒకసారి జల్లించిన పొట్టునే మళ్లీ వేళ్లతో కెలుకుతూ ఉన్నారు.

మధ్యాహ్నం దాటాక అమ్మాయే ఫోన్ చేసింది. వెనక పాప గుక్కపట్టి ఏడుస్తోంది.

"ఏంటమ్మా, ఇన్నిసార్లు చేశారు? ఇదేమో పొద్దున్నుంచీ ఒకటే ఏడుపు. పాలు తాగట్లేదు. ఇందాక కక్కేసింది కూడా. బస్సు పడలేదేమో."

ఆయన ఫోన్ లాక్కుని స్పీకరులో పెట్టారు.

"అమ్మా, ఆ పిల్ల ఏనుగు ఎక్కడుంది?"

"దాని నోట్లోనే ఉంది నాన్నా. లాక్కుంటే ఇంకా ఏడుస్తోంది."

"తీసెయ్యి తల్లీ. ఏడిస్తే ఏడవనీ. ముందు తీసెయ్యి."

తర్వాత సంగతంతా చెప్పారు. అవతల్నుంచి అమ్మాయి ఒక్క మాట కూడా అనలేదు. అల్లుడు ఫోన్ తీసుకుని, "బస్సు దిగిపోతున్నాం మావయ్యా. ఇక్కడ ఆస్పత్రి ఉందంటున్నారు" అని పెట్టేశాడు.

ఆ ఎదురుచూపు పగవాళ్లకి కూడా వద్దు. గడప దగ్గర నేను, గోడకి ఆనుకుని ఆయన. పక్కింటావిడ ఏదో అడగడానికి వచ్చి మా మొహాలు చూసి వెనక్కి వెళ్లిపోయింది. సాయంత్రం ఎండ గదిలోకి వచ్చేసరికి అల్లుడు ఫోన్ చేశాడు.

"మావయ్యా, ఆ పిల్ల ఏనుగుని రాయితో కొట్టి చూశాను. తొండం, కాళ్లూ, అన్నీ ముక్కముక్కలు చేసి చూశాను. తల్లి ఏనుగుని కూడా అంతా తడిమాను. ఇనుము ఎక్కడా లేదు. అంటే..."

అంటే ఏమిటో ముగ్గురికీ తెలుసు. బొమ్మలో లేకపోతే, గదిలో లేకపోతే, ఇంక ఉండేది ఒక్కచోటే.

"ఎక్స్‌రేకి రాశారు. ముందు ఇంకా కొందరున్నారు. పిలవగానే తీస్తారట" అన్నాడు. వాడు ఆ మాటే రెండోసారి చెప్పాడు. అల్లుణ్ణి వాడనడం మర్యాద కాదు, కానీ ఆ క్షణంలో నాకు వాడు నా కడుపున పుట్టిన పిల్లాడిలాగే వినపడ్డాడు.

ఆయన ఫోన్ కింద పెట్టారు. కాసేపటికి, "ఆవిడ ఎందుకు తిట్టలేదో ఇప్పుడు తెలిసిందే" అన్నారు.

"ఎవరు?"

"గేటు మీద గౌను వేసినావిడ. తిట్టడానికి నోరు రాదు."

నేను కూర్చోలేకపోయాను. ఏదో ఒకటి చెయ్యకపోతే పిచ్చెక్కేలా ఉంది. అయస్కాంతం తీసుకుని, "లేవండి" అన్నాను. ఆయన లేచి నిలబడ్డారు. చొక్కా కాలరు మీద తిప్పాను. జేబులు తిరగేశాను. ప్యాంటు మడతలు, జుట్టు, చెవుల వెనక. ఆయన కొలతలు ఇచ్చేవాడిలా చేతులు చాపి నిలబడ్డారు. కుడిచేతి మీద తిప్పాను. ఎడమచేతి మీద తిప్పాను.

అయస్కాంతం గుడ్డపేలికకి అతుక్కుంది.

"కదలకండి" అన్నాను.

పేలిక నెత్తురు ఎండి అట్టకట్టింది. తడిచేసి విప్పాను. చూపుడువేలి కొసన చిన్న గీత, దాని మధ్యలో నల్లటి చుక్క. అయస్కాంతం దగ్గరికి తెస్తే ఆ చుక్క దగ్గర చర్మం సూదిమొనంత పైకి లేచింది. ఆయన తన వేలిని ఎవరిదో వేలులా చూస్తున్నారు.

చిన్న పట్టకారుతో నేనే లాగాను. ఆయన రెప్ప కూడా వెయ్యలేదు. నొప్పి తెలిస్తే కదా! పొద్దున్నుంచీ ఆ వేలితోనే పొట్టంతా కెలికారు, ఆ వేలితోనే ఫోన్ నొక్కారు.

ముక్కని తీసుకెళ్లి కాగితం మీద ఖాళీలో పెట్టారు. భూతద్దం పెట్టి చూశారు. పళ్లకి పళ్లు కలిశాయి.

"సరిపోయిందా?" అన్నాను.

"సరిపోయింది" అని, అక్కడే బల్ల మీద తల పెట్టి బావురుమన్నారు. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆయన ఏడుపు వినడం అదే మొదలు.

నేను ఫోన్ చేశాను. రెండుసార్లు ఎత్తలేదు. మూడోసారి అమ్మాయి ఎత్తింది.

"దొరికిందే! మీ నాన్న వేలిలో ఉంది! పాప మింగలేదు!"

"నిజమేనా? నేను భయపడతానని అబద్ధం చెప్పట్లేదు కదా?" అంది.

ఎంత చెప్పినా దానికి నమ్మకం కుదరలేదు. ఎక్స్‌రే తీయించాకే కదిలింది. ఏమీ లేదన్నారు. పళ్లు రెండు ఒకేసారి వస్తున్నాయి, పైగా బస్సు కుదుపు, అంతేనట. ఆ డాక్టరు ఎవరో గానీ, మా ఇంట్లో ఆయనకి దణ్ణాలు పెట్టాం.

మిషన్ మీద పాత దుప్పటి కప్పేశారు మా ఆయన. మళ్లీ దాని జోలికి పోలేదు. పొట్టు గురించి ఇన్నాళ్లూ సణిగిన నాకే ఆ గది అంత శుభ్రంగా ఉంటే గుబులుగా ఉండేది.

మళ్లీ వాళ్లు వచ్చేసరికి పాప నడుస్తోంది. చంకలో తల్లి ఏనుగు ఉంది. పొట్టలో ఉన్న ఖాళీలోంచి చెయ్యి దూర్చి, వేళ్లు ఆడించి చూపించింది.

"పిల్లేదీ?" అని తాతనడిగింది. అప్పటికి దానికి వచ్చిన నాలుగు మాటల్లో అదొకటి.

ఆయన నావైపు చూశారు. నేను అమ్మాయివైపు చూశాను. అమ్మాయే వెళ్లి మిషన్ మీది దుప్పటి తీసింది.

ఖాళీ మీద కాగితం పెట్టి ఆకారం గీశారు. ఈసారి ఎవరూ తొందరపెట్టలేదు. అల్లుడు గది గుమ్మంలో చేతులు కట్టుకుని నిలబడ్డాడు. టకటక చప్పుడు మారిన ప్రతిసారీ నేను ఆయన వేళ్లవైపు చూశాను. బ్లేడు విరగలేదు. అయినా కోత అయ్యాక దాన్ని ఊడదీసి, తెల్ల కాగితం మీద కొత్త బ్లేడు పక్కన పెట్టి పొడవు చూశారు. విరగని బ్లేడుకి కొలత ఏమిటని ఇంకోరోజైతే ఆటపట్టించేదాన్ని. ఆ రోజు నేనే వంగి ఇంకోసారి చూశాను. పిల్ల ఏనుగు మీద అయస్కాంతం అమ్మాయి తిప్పింది. వేళ్లన్నీ చాపి అల్లుడికి చూపించారు మా ఆయన.

పాప పిల్ల ఏనుగుని అందుకుని, తల్లి పొట్టలో పెట్టి, మళ్లీ తీసి, తొండం నోట్లో పెట్టుకుంది.

మేం నలుగురం దాని నోటివైపే చూస్తూ నిలబడ్డాం. అది మా మొహాలు చూసి నవ్వి, తీరిగ్గా నములుతూ కూర్చుంది.