చిన్నదొర పెట్టుకున్న అర్జీ

ఆ రోజుల్లో నాకు ఒకటే దిగులు. నేను డిగ్రీ పాసయ్యానన్న సంగతి తెలియని మనిషి ఈ భూమ్మీద ఇంకా ఎవరైనా మిగిలిపోయారేమోనని. ఆ రోజులంటే మరీ వెనకటివి కావు, ఏడెనిమిదేళ్ళ కిందటివి. మా నాయన గొర్రెలు కాసేవాడు, తాత గొర్రెలు కాసేవాడు, ఆ తాత తాత కూడా అదే పని చేసి ఉంటాడు. ఆ వరసలో కాలేజీ మెట్లెక్కి, అన్ని పేపర్లూ పాసై (ఒక పేపరు మూడుసార్లు రాశాననుకోండి, అది వేరే సంగతి) బయటపడ్డ మొదటివాణ్ణి నేను. రిజల్టు చూసుకుని వనపర్తి నుంచి పాన్‌గల్ బస్సులో వస్తూ కండక్టరుకు కూడా చెప్పాను. ఆయన "సంతోషం తమ్మీ, జర లోపలికి జరుగు" అన్నాడు. మా అమ్మ నాకంటే రెండాకులు ఎక్కువ. "మావోడు డిగ్రీ అయిండు. ఇగ ఏ కాగితమైనా రాసిస్తడు" అని ఇల్లిల్లూ తిరిగి చెప్పింది. ఆ మాటతో నా జీవితం ఒక దారిన పడింది.

సోమవారం కలెక్టరేటులో ప్రజావాణి ఉంటుంది. జనం అర్జీలు పట్టుకుని వరసలో నిలబడతారు. మా ఊరి నుంచి పోయే ప్రతి అర్జీ ఆదివారం నా చేతిలో పుట్టేది. పింఛను రాలేదన్నా, బోరు చెడిపోయిందన్నా, పాసుబుక్కులో తండ్రి పేరు తప్పు పడిందన్నా నా దగ్గరికే. కాలేజీలో చదివిన చరిత్ర, రాజనీతి ఎటు పోయాయో తెలియదు గానీ, "మనవి చేయునది ఏమనగా" అని మొదలుపెడితే మాత్రం నా పెన్ను ఆగేది కాదు. పైగా ఒక సిద్ధాంతం కూడా కనిపెట్టాను. అర్జీ ఎవరికి రాసినా సరే, కింద "ప్రతులు" అని పెట్టి ఆ మనిషి పైవాళ్ళకు ఒక్కో జిరాక్సు పంపాలి. పైనున్నవాళ్ళకు తెలిస్తేనే కిందివాళ్ళు కదులుతారు. ఈ సిద్ధాంతం వల్ల మా ఊళ్ళో రెండు బోర్లు బాగయ్యాయి. మూడోసారి ఏమైందో చెప్పడానికే ఇదంతా.

మా ఊరికి మూడు కిలోమీటర్ల దూరంలో మండల కేంద్రం, అందులో ఒక పాత గడి, అంటే దొరల కోట. గద్వాల, వనపర్తి సంస్థానాలంటే అందరికీ తెలుసు. ఈ సంస్థానం సంగతి పక్క ఊరికి కూడా సరిగా తెలియదు, అంత చిన్నది. రాజ్యం పోయింది, భూములు పోయాయి, పైకప్పు సగం పోయింది. మిగిలింది దొరసానమ్మ, ఆమె మనవడు, లెక్కలేనన్ని పావురాలు. ఆ మనవణ్ణి అందరూ చిన్నదొర అనేవాళ్ళు. హైదరాబాదు హాస్టళ్ళలో ఇంగ్లీషు చదువు చదివాడు. తెలుగు గలగలా మాట్లాడతాడు గానీ అక్షరం చదవడం రాదు. బుల్లెట్ బండి, నల్లద్దాలు, పెదాల మీద ఎప్పుడూ ఒక నవ్వు. చెయ్యాల్సిన పని ఏదీ లేదు కాబట్టి చేయబోయే పనులు బోలెడు. ఒక ఏడాది ఈము పక్షులన్నాడు, ఒక ఏడాది డ్రాగన్ పండ్లన్నాడు. నేను చెప్పే ఏడాది మాత్రం గడిని రిసార్టు చేస్తానని తిరుగుతున్నాడు.

గడి ముందరి హాల్లో లైబ్రరీ ఉండేది. చిన్నదొర ముత్తాత రాసిచ్చిన హాలు అది. నేను ఉద్యోగ పరీక్షలకు చదువుతున్నానన్న పేరుతో రోజూ అక్కడే ఫ్యాను కింద కూర్చునేవాణ్ణి. లైబ్రరీ చూసుకునేది లింగాల నుంచి వచ్చిన ఒకమ్మాయి. తండ్రి దర్జీ. ఈ ఊళ్ళో మేనత్త ఇంట్లో ఉండి పని చేసేది. మొదటి బీరువా మొదటి అర నుంచి మొదలుపెట్టి వరసగా అన్ని పుస్తకాలూ చదువుకుంటూ పోతున్న ఆమెను మేము పుస్తకాలమ్మ అనేవాళ్ళం. ఆమె నోట మూడు మాటలే వచ్చేవి. లోపలికొస్తే "సంతకం", గుసగుసలాడితే "సైలెన్స్", మూసే వేళకు "టైమైంది". మనిషి కళ్ళలోకి చూడాలంటే సిగ్గు. కానీ పుస్తకంలోంచి తలెత్తకుండానే ఎవరు ఏ కుర్చీ జరిపారో చెప్పగలదు.

ఒకరోజు చిన్నదొర కొలతల టేపు పట్టుకుని, స్నేహితుణ్ణి వెంటేసుకుని హాల్లోకి వచ్చాడు. "ఈడ రిసెప్షన్ పెడదాం. ఆ బీరువాలున్న కాడ బార్. ఎట్లుంటది?" అని హాలు మారుమోగేలా అన్నాడు. పుస్తకాలమ్మ తల ఎత్తలేదు. పేజీ తిప్పి, అదే వేలు పెదాల మీద పెట్టుకుని "ష్" అంది. నాలుగు తరాలుగా ఆ వంశంలో ఎవరినీ ఎవరూ నోరు మూసుకోమని అని ఉండరు. చిన్నదొర నోరు మూసుకున్నాడు. చేతిలో టేపు చుర్రున డబ్బాలోకి వెళ్ళిపోయింది. ఆ స్నేహితుడు ఎప్పుడు వెళ్ళిపోయాడో తెలియదు. చిన్నదొర మాత్రం మూసే వేళదాకా కుర్చీలో కూర్చునే ఉన్నాడు.

మర్నాడూ వచ్చాడు. ఆ మర్నాడూ వచ్చాడు. నాలుగు నెలలు వచ్చాడు. రిసార్టు మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. రోజూ ఒకటే పుస్తకం ముందర పెట్టుకునేవాడు. ఒకరోజు ఉండబట్టలేక అడిగాను.

"ఏంది దొరా, బర్రెల గాలికుంటు రోగం గురించి నాలుగు నెలల సంది చదువుతున్నరు?"

"దీంట్ల బొమ్మలున్నయిరా," అన్నాడు. తర్వాత నన్ను బయటి మెట్ల దగ్గరికి లాక్కుపోయాడు. "అరేయ్ డిగ్రీ (నన్ను అలా పిలిచేవాడు, నాకు అది చాలా బాగుండేది), నీకొక ముచ్చట చెప్త. ఎవ్వరికి చెప్పొద్దు. నాకు గామె అంటే ఇష్టమైంది."

"ఆ ముచ్చట ఊరందరికి తెలుసు దొరా."

"ఆమెకు తెల్వదురా! 'నమస్తే' అన్న, 'సంతకం' అన్నది. 'మంచిగున్నవా' అన్న, 'సంతకం' అన్నది. 'చాయ్ తాగుతవా' అన్న, 'టైమైంది' అన్నది. వచ్చే ఐతారం కల్వకుర్తోళ్ళు చూసుకునేతందుకు వస్తుండ్రంట. ఎరువుల దుకాణమంట. వాళ్ళ మేనత్త చెప్పింది." అతని ముఖంలో నవ్వు లేకపోవడం నేను చూడటం అదే మొదటిసారి. "ఆమె పోతే నేనేం గావాల్రా? నోటితోని చెప్తే ఆమెకు ఎక్కదు. కాగితం మీదుంటేనే చదువుతది. నాకు తెలుగు రాయరాదాయె, ఇంగ్లీషుల రాస్తే గొప్పలకు పోయిండనుకుంటది. నువ్వు రాసియ్యి."

ఒక రాజవంశం భవిష్యత్తు గొర్రెల కాపరి కొడుకు పెన్ను మీద ఆధారపడింది. నా ఛాతీ ఎంత ఉబ్బిందో చెప్పలేను. ప్రేమలేఖ రాయమన్నాడని అర్థమైంది గానీ, నాకు తెలిసిన రాత ఒక్కటే. తెల్ల కాగితం తీసి, మడత పెట్టి మార్జిను వదిలి, మొదలుపెట్టాను.

"గౌరవనీయులైన గ్రంథాలయ నిర్వాహకురాలు గారికి. విషయం: తమరిని వివాహము చేసుకొనుటకు అనుమతి కోరుట గురించి. ఆర్యా, పై విషయమై మనవి చేయునది ఏమనగా, నేను సదరు గ్రామ కాపురస్తుడను. గత నాలుగు మాసములుగా తమరి పట్ల ఇష్టము కలిగి తీవ్ర ఇబ్బందులకు గురగుచున్నాను. ఇట్టి సమస్యను పలుమార్లు తమరి దృష్టికి తెచ్చినను ఎలాంటి చర్యలు తీసుకొనలేదు. కావున తమరు దయతో క్షేత్రస్థాయిలో విచారణ జరిపి, నాకు తగు న్యాయం చేయగలరని ప్రార్థన."

కింద "జతపరచినవి: ఆధార్ కార్డు జిరాక్సు" అని కూడా రాశాను. కులం సర్టిఫికెట్ పెట్టాలా వద్దా అని చాలాసేపు ఆలోచించి, పెట్టలేదు. (నా తెలివి అప్పుడప్పుడు పనిచేస్తుంది.) చిన్నదొర కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "మంచిగ రాసినవా?" అని అడిగాడు. "కలెక్టరు గూడ కాదనలేడు దొరా" అన్నాను. సంతోషంగా ఇంగ్లీషులో సంతకం పెట్టాడు.

ఆ తర్వాత నేను చేసిన పని చిన్నదొరకు చెప్పలేదు. చెప్పాలని తోచలేదు కూడా, ప్రతి అర్జీకీ చేసేదే కదా. అడుగున "ప్రతులు" అని రాసి, జిరాక్సు తీయించి, దొరసానమ్మకు ఒకటి గడి కావలివాడి చేతికిచ్చాను. లింగాలలో పిల్ల తండ్రికి ఒకటి రిజిస్టరు పోస్టులో పంపాను.

అసలు కాగితం చిన్నదొరే తీసుకెళ్ళి పుస్తకాలమ్మ బల్ల మీద పెట్టాడు. నేను పేపరు చాటు నుంచి చూస్తున్నాను. ఆమె మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా చదివింది. ముఖంలో ఏ మార్పూ లేదు. సొరుగు తెరిచి స్టాంపు తీసి కాగితం మీద ఠక్కున గుద్ది, తేదీ వేసి, సొరుగులో పెట్టింది. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి. ఇంకా అరగంట ఉండగానే "టైమైంది" అంది.

మూడు రోజులు ఏమీ జరగలేదు. చిన్నదొర పశువుల పుస్తకం ముందు మరింత దీనంగా కూర్చున్నాడు. నాలుగో రోజు శనివారం. పొద్దున పది కాకముందే మెడలో టేపు వేసుకున్న ఒక బక్కపల్చని పెద్దమనిషి లోపలికొచ్చాడు. టేపు తీయడం కూడా మరిచిపోయి నాగర్‌కర్నూల్ మీదుగా రెండు బస్సులు మారి వచ్చిన పిల్ల తండ్రి ఆయన. ఆయన వెనకే, ఎన్నో ఏళ్ళుగా గడి లోపలి భాగం దాటి రాని దొరసానమ్మ, కర్ర పట్టుకుని వచ్చింది. ఇద్దరి చేతుల్లోనూ నా జిరాక్సులున్నాయి. నేను పేపరును ఇంకొంచెం పైకి ఎత్తుకున్నాను.

"ఏనప్పా ఇదు?" (ఏమిటిది?) అంది దొరసానమ్మ మనవడితో. పుట్టిల్లు రాయచూరు వైపు, కోపమొస్తే ఆమెకు కన్నడమే వస్తుంది. "మా మామగారు ఇదే హాల్ల కూసొని అర్జీలు తీసుకునేటోడు. నువ్వు అర్జీ పెట్టుకున్నవా? అదిగూడ తగు న్యాయం చెయ్యుమని?"

తండ్రి కూతురి బల్ల దగ్గరికి వెళ్ళాడు. "బిడ్డా, గిది పోస్టుల వచ్చింది. నాకు చదువు రాకపాయె, గల్లీల పోరనితోని చదివిపిచ్చిన. పది మంది జమైండ్రు. నీ మీద ఎవరో కంప్లైంటు పెట్టిండ్రని, నీ నౌకరి పోయిందని మీ అమ్మ ఏడ్వబట్టింది."

పుస్తకాలమ్మ తల ఇంకా కిందికి దించుకుంది. చిన్నదొర నా చేతిలో పేపరు లాగేశాడు. "నేనేం సంతకం పెట్టినరా? చదువు." దొరసానమ్మ చేతిలోని జిరాక్సు అందుకుని, లైబ్రరీలో ఉన్న పదిహేను మంది ఎదుట నిలబడి చదివాను. ఒక్కో మాటకు నా గొంతు సన్నబడుతూ పోయింది. "తీవ్ర ఇబ్బందులకు గురగుచున్నాను" దగ్గర చిన్నదొర ఆపాడు.

"అంటే ఏంది?"

"పరేషాన్ అయితున్నరని దొరా."

"గది నిజమే," అన్నాడు. తర్వాత పిల్ల తండ్రి వైపు తిరిగి, "పెద్దమనిషీ, కాగితం వీడు రాసిండు. పరేషాన్ మాత్రం నాదే. తప్పయితే మాఫ్ చెయ్యి," అన్నాడు.

దర్జీ ఆయన చిన్నదొరను కిందినుంచి మీదికి చూశాడు. మళ్ళీ కూతురి వైపు తిరిగాడు. "బిడ్డా, రేపు కల్వకుర్తోళ్ళు వస్తుండ్రు. దొరలతోని కొట్లాట పెట్టుకునే తాకతు నాకు లేదు, సుట్టరికం చేసే తాకతు గూడ లేదు. గని నువ్వేమంటే గదే. వాళ్ళను రమ్మందునా, వద్దందునా? తల ఊపుడు గాదు, నోటితోని చెప్పు."

హాలు నిశ్శబ్దమైంది. ఆ లైబ్రరీ చరిత్రలో ఎవరూ "సైలెన్స్" అనకుండా అంత నిశ్శబ్దం ఎప్పుడూ లేదు. పుస్తకాలమ్మ పేజీ గుర్తు పెట్టుకోకుండానే పుస్తకం మూసింది. లేచి నిలబడింది.

"వద్దను నాయనా," అంది. "నాకు ఈయనంటే ఇష్టమే. నాలుగు నెలలు ఆ గాలికుంటు బొమ్మలే చూసుకుంట కూసున్నడు, ఒక్కనాడు గూడ లొల్లి చెయ్యలే. ఆ కాగితం రాకముందు నుంచే ఇష్టం." అప్పుడు మొదటిసారి నా కళ్ళలోకి చూసింది. "కాగితం చదివినంకనే జర అనుమానమొచ్చింది."

ముందు నవ్వింది దొరసానమ్మ. ఆ తర్వాత హాలంతా నవ్వింది. నేను కూడా నవ్వాల్సి వచ్చింది. నవ్వని మనిషి దర్జీ ఒక్కడే. ఆయన చిన్నదొర దగ్గరికి వెళ్ళి, భుజం మీద బట్టను రెండు వేళ్ళతో పట్టుకుని, "దొరా, ఏమనుకోకు. ఈ అంగీ ఎవరు కుట్టిండ్రు? భుజమంత జారిపోయింది," అన్నాడు. మెడలో టేపు తీశాడు. సంస్థానాధీశుడు చేతులు రెండూ పైకెత్తి, మాట్లాడకుండా, కొలతలు ఇచ్చాడు.

నేను అక్కడ ఇంకా ఉంటే మళ్ళీ ఎవరైనా నాచేత చదివిస్తారేమోనని వెనక తలుపులోంచి జారుకున్నాను. రోడ్డెక్కాక మాత్రం కాళ్ళు ఆగలేదు. ఆటో కోసం కూడా చూడలేదు. ఇంత పెద్ద వార్త ఊళ్ళో అందరికంటే ముందు నాకే తెలుసు! అమ్మ వాకిట్లో పల్లికాయ ఒలుస్తోంది.

"ఏమైందిరా? దొరకు రాసిన కాగితం పనిజేసిందా?"

పుస్తకాలమ్మ అన్న మాట నోటిదాకా వచ్చింది. అమ్మ ముఖం చూశాను.

"పనిజేసిందమ్మా. పెండ్లి ఖాయమైంది."

"మరి? డిగ్రీ అంటే ఉత్తగనేనా!" అని చాట పక్కన పెట్టి, కొంగు దులుపుకుని, చెప్పడానికి పక్కింటికి పోయింది.

ఇప్పుడు ఎప్పుడైనా ఆ దారిన పోతుంటే, జేబులో రెండు పెన్నులు పెట్టుకుని, చెమటలు కక్కుతూ, ముఖం వెలిగిపోతూ ఎదురుగా పరుగులాంటి నడకతో వస్తున్న ఆనాటి ఆ డిగ్రీ పిల్లవాడు కనిపిస్తాడు. ఆపి, "తమ్మీ, ఆ పెండ్లిల నీదేం లేదురా" అని చెబుదామనిపిస్తుంది. చెప్పను. పక్కకు జరిగి దారిస్తాను.