ఎర్ర క్లిప్పు, బావి తాడు

పోయిన నెలలో నల్లంపల్లి దాటాక హైవే పక్కనున్న కల్యాణ మండపంలో మా దూరపు బంధువుల పెళ్ళికి వెళ్ళాను. ముహూర్తానికి ఇంకా వేళ ఉంది. మండపం ముందు ఖాళీ స్థలంలో పెళ్ళికొడుకు తరపు ఫోటోగ్రాఫరు ఒక డ్రోన్ ఎగరేస్తున్నాడు, పెళ్ళికూతురు తరపు ఫోటోగ్రాఫరు ఇంకోటి లేపడానికి సిద్ధమవుతున్నాడు. కాఫీ గ్లాసు పక్కన పెట్టి గబగబా వెళ్ళి, "క్లిప్పు ఎవరి దగ్గర ఉంది? ఇద్దరూ ఒకేసారి ఎట్లా ఆన్ చేస్తారు?" అని అరవంలో గట్టిగా అడిగాను. ఆ రెండో ఆయన నన్ను పైనుంచి కిందిదాకా చూసి, ఎండలో నిలబడొద్దని ఎంతో మర్యాదగా చెప్పి, నీడలో కుర్చీ వేయించాడు. రెండు డ్రోన్లూ హాయిగా ఎగిరాయి. ఇప్పటి యంత్రాలకు క్లిప్పులు అక్కర్లేదట, ఒకదాని దారికి ఇంకోటి అడ్డురాకుండా అవే చూసుకుంటాయట. నేను బుద్ధిగా కుర్చీలో కూర్చున్నాను గానీ, గాలిలో ఉన్నదాన్ని నేలకు దించడం మాత్రం ఆ ఇద్దరికీ నా అంత బాగా రాదని మనసులో తేల్చేసుకున్నాను. ఇది గొప్పకు చెప్పుకోవడం కాదు. సరే, కొంచెం గొప్పకే. ఎందుకు చెప్పుకోకూడదు?

ఎనభైల్లో మా అమ్మ తమ్ముడు ఎయిర్‌ఫోర్సులో మెకానిక్కు పని ముగించుకుని, బెంగుళూరు వదిలి పెరియంపట్టికి వచ్చేశాడు. మామ వస్తూ వస్తూ ఒక ట్రంకు పెట్టె, పొడుగాటి ఏరియల్ ఉన్న ఒక రేడియో పెట్టె, వాటితోపాటు గ్లైడర్ల పిచ్చి వెంటబెట్టుకొచ్చాడు. గ్లైడరంటే ఇంజను లేని విమానం. మనిషి ఎక్కేది కాదు, రెక్కలు చాచితే మన నులకమంచం కంటే కొంచెం పొడుగు ఉంటుంది, అంతే. కింద నిలబడి రేడియో పెట్టె మీది మీటలు వేలితో కదిపితే పైన అది కుడికో ఎడమకో తిరుగుతుంది, ముక్కు ఎత్తుతుంది, దించుతుంది. మా ఊరి వైపు ఇలాంటి పిచ్చి ఇంకొకరికి ఉండదని అందరం ధైర్యంగా ఉన్నాం. కొన్ని వారాలకే ధర్మపురి నుంచి ఒక పళ్ళ డాక్టరు, ఒక బ్యాంకు ఆఫీసరు వాసన పట్టుకుని వచ్చేశారు. నేను అప్పుడే ధర్మపురిలో టీచరుగా చేరాను. ఆదివారం పూట అత్త చేతి వంట తిని పోదామని పెరియంపట్టికి వచ్చేదాన్ని. వచ్చిన పని మరిచిపోయి నాలుగో మెంబరునయ్యాను. మా క్లబ్బుకు పేరు లేదు, ఆఫీసు లేదు, నియమాలు మాత్రం బోలెడు. మామ ఇంట్లో తెలుగే మాట్లాడినా చదివింది అరవ బడిలో, తెలుగు రాయడం రాదు కాబట్టి వాటన్నిటినీ అరవంలో రాసి పొలం గట్టున ఉన్న వేపచెట్టుకు తగిలించాడు.

గ్లైడరు మామ తన చేతులతో చేసిందే. తేలికపాటి బాల్సా చెక్క బెంగుళూరు స్నేహితుల ద్వారా వచ్చింది. రెక్కల మీద పట్టుగుడ్డ తడిపి పరిచి, పైన డోపు అనే ఒక రకం వార్నిషు పూస్తారు. ఆరేకొద్దీ గుడ్డ బిగుసుకుని, వేలితో కొడితే డప్పులా మోగుతుంది. అత్త తన పెళ్ళినాటి వంగపండు రంగు పట్టుచీర తీసి, జరీ అంచు మటుకు జాగ్రత్తగా కత్తిరించి దాచుకుని, మిగతాది మామ ముందు పెట్టింది. "ఇప్పుడు నన్ను చుట్టి రాదు ఇది. రెక్కనన్నా చుట్టి రానీ," అంది. ఇక ఆ డోపు వాసన ఉంది చూశారూ, మత్తుగా, ఘాటుగా, అరటిపళ్ళు మాగేసిన గదిలో ఎవరో గోళ్ళరంగు ఒలకబోసినట్టు ఉండేది. ఆ వాసనకే పెద్దమామ రంగంలోకి దిగాడు. ఆయన మామకు అన్న, ఇంటికి పెద్ద, భూమంతా ఆయన చేతి కింద ఉండేది. మల్బరీ వేసి పట్టుపురుగులు పెంచేవాడు. ఘాటు వాసన తగిలితే పురుగులు ఆకు ముట్టవు. "పురుగులు ఆకు తినకుంటే మనం అన్నం తినేది ఎట్లరా?" అని తమ్ముణ్ణి డోపు డబ్బాతో సహా గుట్ట కింద బీడుకు తరిమేశాడు. ఎగరేసుకోవడానికి ఆ బీడే ఇచ్చాడు గానీ, ఒక షరతు పెట్టాడు. "తోటలో గానీ, పురుగులింటి మీద గానీ ఒక్కసారి పడిందంటే ఆ దినమే మీ ఆట బందు. మళ్ళా నా తావకు వచ్చి అడగొద్దండి."

బీడులో ఒక మేకు దిగ్గొట్టి, దానికి రబ్బరు ట్యూబు, ట్యూబుకు నైలాన్ దారం కట్టేవాళ్ళం. దారం కొస గ్లైడరు కడుపు కింద కొక్కేనికి తగిలించి, వెనక్కి లాగి వదిలితే సర్రున ఆకాశంలోకి లేచి, పైన దారం వదిలేసి తనంతట తాను తేలేది. అక్కణ్ణుంచి గాలిదే దయ. ఎండకు కాగిన నేల మీంచి వేడిగాలి పైకి లేస్తుంది, ఆ గాలి దొరికితే గ్లైడరు మేడ మెట్లెక్కినట్టు పైకి పోతుంది. గద్దలు రెక్క కదపకుండా ఎక్కడ చక్కర్లు కొడుతుంటే అక్కడికి తోలమని మామ చెప్పేవాడు. వారమంతా బడిలో గొంతు చించుకునే నాకు, అత్త చీరా ఒక గద్దా పక్కపక్కన తిరుగుతుంటే తల ఎత్తి చూస్తూ మాట్లాడకుండా నిలబడటం ఎంత సుఖంగా ఉండేదో చెప్పలేను. అంత సంతోషం నాకు అప్పటిదాకా తెలియదు. పైగా నా చెయ్యి మంచి చెయ్యి. డాక్టరుగారు మీటలను పంటిని పీకినట్టు పట్టి లాగేవారు, ఆఫీసరుగారు అసలు కదపడానికే జంకేవారు. నాకు మొదటి నెలలోనే పట్టు దొరికింది.

ఇక క్లిప్పుల సంగతి. ఒక్కో రేడియో పెట్టె ఒక్కో ఫ్రీక్వెన్సీ మీద పలుకుతుంది, ఒక్కో ఫ్రీక్వెన్సీకి ఒక్కో రంగు గుర్తు. ఒకే రంగు పెట్టెలు రెండు ఒకేసారి ఆన్ చేస్తే, పైనున్న గ్లైడరు ఇద్దరి మాటా విని ఎవరి మాటా వినకుండా పోతుంది, తర్వాత నేల కరుస్తుంది. అందుకని అత్త బట్టలారేసే చెక్క క్లిప్పులు తెచ్చి రంగులు పూసి, వేపచెట్టుకు కొట్టిన చీలలకు తగిలించేవాళ్ళు. ఎగరేసేవాళ్ళు తమ రంగు క్లిప్పు తీసి ఒంటి మీద పెట్టుకోవాలి, మగవాళ్ళయితే జేబుకు, నేనైతే పైటకు. చీల ఖాళీగా ఉందంటే ఆ రంగు గాలిలో ఉందని అర్థం, ఆ రంగు వాళ్ళెవరూ పెట్టె ముట్టకూడదు. మామ పెట్టెది ఎరుపు, నేను ఎగరేసేదీ దాంతోనే. సొంతంగా క్లిప్పు తీసుకునే హక్కు మాత్రం నాకింకా లేదు. దానికొక పరీక్ష ఉండేది. పెద్దమామ బావిలో వాడి వదిలేసిన లావుపాటి తాడును బీడులో గుండ్రంగా పరిచేవాళ్ళు, మా ఇంట్లో దాన్ని వట్టం అనేవాళ్ళం. గ్లైడరును ఆ వట్టంలో దించితే క్లిప్పు వాళ్ళ సొంతం, మామ పక్కన లేకపోయినా ఎగరేసుకోవచ్చు. డాక్టరుగారూ ఆఫీసరుగారూ ఎలాగో దించేశారు. నేను మామ చెయ్యి నా పెట్టె పక్కనే కాచుకుని ఉండగా ఎగరేస్తున్నాను. ఆ చెయ్యి తీయించాలని నాకు ఎంత కసిగా ఉండేదో ఆ చేతికే తెలియాలి.

శివరాత్రి వచ్చే మాసి నెలలో ఒక ఆదివారం నా పరీక్ష. ఆ రోజే మామ పాత స్నేహితుడొకాయన బెంగుళూరు నుంచి తన గ్లైడరుతో వచ్చాడు. ఆయన పెట్టెదీ ఎరుపే. అక్కడి క్లబ్బులోనూ ఇదే క్లిప్పుల పద్ధతి, కాబట్టి ఆయనకు కొత్తగా చెప్పాల్సిందేమీ లేదు. నేను ఎర్ర క్లిప్పు పైటకు పెట్టుకుని, రబ్బరు లాగి వదిలి, గద్దను చూసుకుని పైకి పోయాను. మామ పక్కన నిలబడి, చెయ్యి కాచుకుని, నోరు మెదపలేదు. ఆయన మెదపలేదంటే అంతా సవ్యంగా ఉన్నట్టే. ఎత్తు బాగా వచ్చింది. ఇక దించమన్నాడు. వట్టానికి ఎదురుగాలిలో రావాలంటే ముందు తోట అంచు మీదుగా చుట్టి రావాలి. చుట్టి వస్తూండగా గ్లైడరు ఉన్నట్టుండి ముక్కు వంచింది. తోక అటూ ఇటూ కొట్టుకుంది.

"ఏం చేస్తా ఉండావు?" అన్నాడు మామ.

"నేనేమీ చేయలేదు మామా, అది నా మాట వినలే!"

మామ చెయ్యి పెట్టె మీదకు వచ్చింది. నేను ఇవ్వలేదు. "క్లిప్పు యాడ?" అని అరిచాడు.

"నా తావే ఉండాది!"

మామ గిరుక్కున తిరిగాడు. వేపచెట్టు కింద బెంగుళూరు ఆయన, అప్పుడే పులిహోర తిని చెయ్యి కడుక్కుని, ఏరియల్ నిండా లాగి తన పెట్టెను సరిచూసుకుంటున్నాడు. ఆయన జేబుకూ ఒక ఎర్ర క్లిప్పు. మామ "ఆఫ్!" అని అరిచిన అరుపుకు వేపచెట్టు మీది కాకులన్నీ లేచిపోయాయి. ఆయన బెదిరిపోయి మీట నొక్కేశాడు. నా వేళ్ళకు గ్లైడరు మళ్ళీ తగిలింది. తగిలింది గానీ, అది అప్పటికే తోట మీద బాగా కిందికి దిగిపోయింది. వట్టం దాకా వచ్చే ఎత్తు లేదు. ఎదురుగా పురుగులిల్లు.

"తోటలో పడెయ్! పురుగులిల్లు తప్పిస్తే చాలు," అన్నాడు మామ. బీడు పోయినట్టేనని అప్పటికే మనసు గట్టి చేసుకున్న గొంతు అది.

"కళ్ళంలో దించుతాను," అన్నాను. పురుగులింటి పక్క సందులోంచి పేడ అలికిన కళ్ళం కొంచెమే కనిపిస్తోంది. మామ చెయ్యి వెనక్కి తీశాడు. ఆ చెయ్యి వెళ్ళిపోవడం నాకు చూడకుండానే తెలిసింది. కుడికి ఒరగదోసి, మల్బరీ కొసలు దాటించి, ఇంటి చూరు పక్కగా తెచ్చి, ముక్కు మెల్లగా ఎత్తాను. అలికిన నేల మీద పొట్టతో సర్రున జారుకుంటూ పోయి, ఆరబోసిన ఉలవల కుప్ప ముందు ఆగింది. కుప్పకు అవతల పెద్దమామ చేటతో ఉలవలు తూర్పారబడుతున్నాడు. చేట అలాగే గాలిలో ఉండిపోయింది.

అందరం పరుగెత్తాం. ముందు అత్త నోరు విప్పింది. క్లిప్పులకు రంగు వేసిననాడు మామ చెయ్యి ఊరుకోక కొన్ని ఎక్కువే వేశాడు, మిగిలినవి అత్త బట్టల తాడుకు పోయాయి. ఆ పొద్దున అందులోని ఎర్రది పులిహోర గిన్నె మీది గుడ్డకు పెట్టి తెచ్చింది. "చీల బోడిగా ఉంటే, క్లిప్పు యాడో పడిపోయిందనుకున్నాను. మళ్ళా నువ్వు రంకెలేస్తావని గిన్నె మీది దీన్ని నేనే తగిలిచ్చినాను," అంది. నియమం పాటించిన బెంగుళూరు ఆయన్ను తిట్టడానికి లేదు, సర్దిపెట్టిన అత్తను తిట్టడానికి లేదు, రంగు పూసింది మామే.

పెద్దమామ చేట దించి, "ఎవురు దించినారు దీన్ని?" అని అడిగాడు. మామ నన్ను చూపించాడు. ఆయన నన్ను చూసి, "నువ్వు అన్నానికి వస్తా ఉండావనుకుంటినే," అన్నాడు.

"రెండిటికీ వస్తాను పెద్దమామా."

"ఉలవ గింజ ఒగటి కూడా చెదర్లా," అని తమ్ముడితో అన్నాడు. ఆఫీసరుగారు ధైర్యం చేసి, ఇక ఈ అమ్మాయికి క్లిప్పు ఇచ్చేయొచ్చు కదా అని అరవంలో అన్నారు. మామ తల అడ్డంగా ఊపాడు. వట్టంలో దిగలేదు, నియమం నియమమే, వచ్చే ఆదివారం చూద్దామన్నాడు. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. దుఃఖం కాదు, ఒళ్ళుమంట. అంత మంచి దింపుడు నా జన్మలో ఇంకోటి దింపలేనని నాకు తెలుసు.

ఏ వట్టమని పెద్దమామ అడిగాడు. డాక్టరుగారు చెప్పారు. ఆయన విని, గ్లైడరును ఎవరూ ముట్టొద్దని, ఆ తాడు తెమ్మని చెప్పాడు. ఆఫీసరుగారు బీడు దాకా పోయి, మెడలో వేసుకుని మోసుకొచ్చారు.

"తాడు ఎవురిదిరా?" అన్నాడు పెద్దమామ.

"నీదే అన్నా."

"భూమి?"

"నీదే."

పెద్దమామ పంచె ఎగ్గట్టి, వంగి, నడుము పట్టుకుంటూ, ఆ లావుపాటి తాడును గ్లైడరు చుట్టూ పరుచుకుంటూ వచ్చాడు. రెండు కొసలు కలిపి, కాలితో సరిచేసి, లేచి నిలబడ్డాడు. "ఇప్పుడు చూడు, యాడ ఉండాదో."

మామ తాడు చుట్టూ నడిచాడు. వంగి రెక్క కొసలు చూశాడు, తోక చూశాడు. ఎక్కడా తాడుకు తగల్లేదని తేల్చుకున్నాకే, "లోపలే," అన్నాడు. తర్వాత తన స్నేహితుడి జేబు మీది ఎర్ర క్లిప్పు తీసి నా చేతికిచ్చాడు. తోటలో పడలేదు కాబట్టి పెద్దమామ షరతూ చెక్కుచెదరలేదు, మా ఆదివారాలూ ఆగలేదు. మరుసటి వారం నుంచి మామ వేపచెట్టు నీడలోనే కూర్చుని, నేను ఎగరేస్తుంటే చూసేవాడు. అంతేకాదు, ఒక్కో రోజు ఉలవచేను గట్టు మీద పెద్దమామ కూడా తలెత్తి నిలబడేవాడు. పిలిస్తే మాత్రం, మబ్బు పట్టిందేమోనని చూస్తున్నానని చెప్పేవాడు.

అన్నదమ్ములిద్దరూ ఇప్పుడు లేరు. ఆ ఎర్ర క్లిప్పు నా దగ్గరే ఉంది, రంగు స్ప్రింగు దగ్గర మాత్రమే మిగిలింది, ఇప్పటికీ నా బట్టల తాడు మీద పనిచేస్తోంది. ధర్మపురిలోనే ఉండిపోవాలనుకున్న నేను తీర్థమలై వైపు బళ్ళలోనే సగం సర్వీసు గడిపాను. గురి చూసుకున్న చోట దిగింది తక్కువ, దారి తప్పి ఎక్కడో జాగ్రత్తగా దించుకున్నదే ఎక్కువ. ఆ పెళ్ళిలో కుర్చీలో కూర్చుని లెక్క వేసుకుంటే దాని గురించి నాకు ఏ చింతా లేదనిపించింది. ఏళ్ళు గడిచేకొద్దీ కాలం కూడా పెద్దమామలాగే నడుము పట్టుకుంటూ వంగి, మనం దిగిన చోటి చుట్టూ నిదానంగా తాడు పరిచి, లోపలే ఉన్నావు పో అంటుంది.