ఆషాఢం గాలిలో అక్క గురి

మా కాలేజీ టీమ్ పిల్లలు ప్రాక్టీసు అయ్యాక మెట్ల మీద కూర్చుని ఫోన్లు చూసుకుంటుంటారు. మొన్న ఒక పిల్ల నా ముక్కు కింద ఫోను పెట్టి, "మేడమ్, ఈళ్ళంతా గొప్ప బాస్కెట్‌బాల్ ప్లేయర్లంట. ఆడోళ్ళు. రావాల్సినంత పేరు రాలేదంట" అంది. చూశాను. అమెరికాలో కాలేజీ జట్లకు ఆడి, ఆ తర్వాత పెద్ద లీగుల్లోకి పోయినవాళ్ళు. ఒక్కొక్కరికీ వీడియో ఉంది, ఫోటో ఉంది, ఏ మ్యాచిలో ఎన్ని పాయింట్లు వేసిందో లెక్క ఉంది. నాకు ఒళ్ళు మండింది. వీడియో ఉన్న మనిషికి పేరు రాకపోవడం ఏమిటి? పేరు రాకపోవడమంటే ఏమిటో చూడాలంటే మా టౌను నుంచి బెళుగుప్ప వైపు పోయే బస్సెక్కి, కండక్టరమ్మ దగ్గర టికెట్ తీసుకోవాలి. ఆమె మా అక్క.

నేను ఆడపిల్లల డిగ్రీ కాలేజీలో పీడీని, అంటే ఆటలు నేర్పించే మేడమ్‌ని. ఇంకో సంగతి ముందే చెప్పేస్తాను. నాకు మన్నించడం చేతకాదు. "దీంది పాము పగ" అని మా అమ్మ నన్ను తిట్టేది. అమ్మ తిట్టుగా అన్నా నేను బిరుదుగానే తీసుకున్నాను.

అక్కా నేనూ చదివింది ఈ కాలేజీలోనే. అక్క నాకంటే రెండేళ్ళు పెద్ద. ఊరి నుంచి బస్సులో వచ్చి పోయేవాళ్ళం. కాలేజీ టౌనుకు పడమటి చివర ఉంటుంది, దాని వెనకాల బాస్కెట్‌బాల్ కోర్టు. ఆ పక్క ఇల్లు లేదు, గోడ లేదు, చెట్టు కూడా లేదు. శనక్కాయ చేన్లు, వాటి అవతల కొండలు, కొండల మీద గాలిమరలు. ఊరికే పెట్టలేదు కదా వాటిని! ఆషాఢం వచ్చిందంటే మా దిక్కున గాలి మనిషిని నిలవనివ్వదు. మబ్బుల్ని మా నెత్తి మీదుగా తోసుకుపోయి ఎవరి ఊళ్ళోనో కురిపిస్తుంది, మాకు మాత్రం దుమ్ము మిగులుస్తుంది. మిగతా నెలల్లో కాస్త తగ్గుతుందేమో గానీ, గాలి అసలే లేని రోజును ఆ కోర్టులో నేనెప్పుడూ చూడలేదు.

కోర్టుకు ఉత్తరాన ఒక రింగు, దక్షిణాన ఒక రింగు. గాలేమో పడమటి నుంచి అడ్డంగా కొడుతుంది. దూరం నుంచి నేరుగా రింగుకు గురిపెట్టి వేస్తే బంతి తూర్పు పక్కకు పోయి పడుతుంది. అందుకే అక్క రింగుకు గురిపెట్టేది కాదు. దానికి పడమటి పక్కనున్న ఖాళీకి పెట్టేది. గాలి మామూలుగా ఉంటే జానెడు, హోరుమంటుంటే మూరెడు. ఏమీ లేని చోటికి ఎందుకు విసిరిందబ్బా అనుకునేలోపే బంతి పైకి పోయి, మెల్లగా పక్కకు వంగి, రింగుకు తగలకుండా లోపల పడేది. చూసేవాళ్ళకు దిష్టి తీయాలనిపించేది.

"ఎట్ల తెలుస్తాదిక్కా నీకు?" అని అడిగాను ఒకసారి.

"కళ్ళంలో నాయన తూర్పార పట్టేటప్పుడు చూడలేదా? చేట ఎత్తకముందే గుప్పెడు పొట్టు ఇడిసి చూస్తాడు, గాలి యాడికి తీసకపోతాదో. నేనూ అంతే. నా జడ కొస చూసుకుంటా."

నిజమే. బంతి చేతికి రాగానే అక్క కన్ను ఒక్క క్షణం భుజం మీది జడ కొస మీదికి పోయేది. అది ఎటు ఎగురుతోందో, ఎంత ఎగురుతోందో చూసి వేసేది. చుట్టుపక్కల కాలేజీల జట్లు మా కోర్టుకు వచ్చి ఓడిపోయి, "మీది గ్రౌండు లక్కప్పా" అని మూతి తిప్పుకుని పోయేవి. పేపర్లో ఎప్పుడైనా రెండు ముక్కలు పడితే కప్పు పట్టుకున్న కెప్టెన్ పేరు పడేది. అక్క పేరు ఒక్కసారీ పడలేదు. అక్క దాని గురించి పట్టించుకోలేదు, ఆమె కన్నంతా యూనివర్సిటీ టీమ్ మీదే. అందులోకి తీసుకుంటే దేశమంతా తిరిగి ఆడొచ్చు, ఆ సర్టిఫికెట్టుతో ఉద్యోగం వస్తుంది, ఇంకా అదృష్టముంటే పెద్ద జట్లు పిలుస్తాయి.

ఆ సెలక్షన్లు వేరే ఊళ్ళో, ఇండోర్ స్టేడియంలో. నాయన బస్టాండు దాకా వచ్చి అరటిపండ్లు కొనిచ్చి ఇద్దరినీ బస్సెక్కించాడు. మేము కప్పు కింద ఆడే కోర్టును చూడడం అదే మొదలు. నున్నటి చెక్క నేల, పైన దీపాలు, నాలుగు వైపులా గోడలు. లోపలికి అడుగుపెట్టగానే నాకెందుకో ఊపిరాడలేదు. అక్క జడ కొస భుజం మీద చచ్చినట్టు పడి ఉంది.

అక్క వంతు వచ్చింది. ఎన్నేళ్ళ అలవాటో చేతికి. బంతి ఆమె గురిపెట్టిన చోటికే సూటిగా పోయింది, అంటే రింగు పక్కనున్న ఖాళీలోకి. రెండోదీ అంతే. సరిచేసుకోబోయి మూడోది మరీ అవతలి పక్కకు వేసింది. నాలుగోది బోర్డు అంచుకు తగిలి ఎగిరిపోయింది. ఈల ఊదేశారు.

సెలక్టరుగా కూర్చున్నావిడ ఒకప్పుడు పెద్ద జట్టుకు ఆడిన మనిషి. పేపర్లలో బొమ్మ వచ్చిన మనిషి. అక్క ఆమె కుర్చీ దగ్గరికి పోయి చేతులు కట్టుకుని, "మేడమ్, ఈడ గాలి లేదు. మాకు గాల్లో ఆడి అలవాటు. ఇంగో రెండు బాల్స్ ఇయ్యండి మేడమ్, సరిచేసుకుంటా" అంది.

ఆమె అక్కకు జవాబు చెప్పలేదు. స్టేడియంలో అందరికీ వినపడేలా, "విన్నారా? గాలి లేదట! ఆడలేక మద్దెల ఓడు అంటే ఇదే" అని, అప్పుడు అక్క వైపు తిరిగి, "ఏమ్మా, ఫ్యాను వెయ్యమంటావా?" అంది.

అందరూ నవ్వారు. మా కాలేజీ పిల్లలు కూడా నవ్వారు, ముండలు. తిరుగు బస్సులో వాళ్ళే "ఏయ్ ఫ్యానూ" అని పిలవడం మొదలుపెట్టారు. వారం తిరక్కముందే కాలేజీ అంతా అదే పేరు. అక్క ఎవరితోనూ కొట్లాడలేదు. బూట్లు కడిగి, ఎండబెట్టి, నాకిచ్చేసింది. మళ్ళీ బంతి ముట్టుకోలేదు.

రెండు బాల్స్! అంతకన్నా ఎక్కువ అడగలేదు కదా. అన్నం ముందు కూర్చున్నప్పుడు ఆ మాట గుర్తొస్తే నాకు ఇప్పటికీ ముద్ద దిగదు. అప్పటి నుంచి నాకు కావలసింది ఒక్కటే. ఏ నోటితో నవ్వులపాలు చేసిందో ఆ నోటితోనే, పదిమంది ముందర, మా అక్కది గురేనని ఆమె ఒప్పుకోవాలి. నేను పీడీ కోర్సు చదివింది ఆట మీద ప్రేమతోనేనని ఇంటర్వ్యూలో చెప్పాను. కొంత నిజమే.

ఉద్యోగం ఇదే కాలేజీలో వచ్చింది. అదే కోర్టు, అదే గాలి. బస్సు డ్యూటీ లేని రోజున అక్క వచ్చి మెట్ల మీద కూర్చుని, మా పిల్లలకు గాలి పాఠం చెప్పేది. "రింగు చూడొద్దే, ఈ పక్కకెయ్యి! ఇంగా ఈ పక్కకు!" అని అరిచేది. బంతి దొర్లుకుంటూ తన దగ్గరికొస్తే మాత్రం కాలితో తోసేసేది.

ఆ సెలక్టర్ మేడమ్ ఇప్పుడు సిటీలో ఒక ప్రైవేటు అకాడమీకి పెద్ద కోచ్. ఆమె దగ్గరి పిల్లలు లీగుల్లో ఆడతారు. వాళ్ళను జిల్లాలకు తీసుకొచ్చి కాలేజీ జట్లతో స్నేహపూర్వక మ్యాచిలు ఆడిస్తోందని విన్నాను. నా చెవులకు అంత తీపి కబురు ఎప్పుడూ సోకలేదు. వెంటనే పిలిచాను. తమలాంటివారి పాదాలు మా కరువు నేల మీద పడితే మా పిల్లల జన్మ ధన్యమవుతుందని ఫోన్లో తేనె పూశాను. తేదీ ఆషాఢంలో పెట్టాను.

మా ప్రిన్సిపాల్ సారు తల పట్టుకున్నాడు. "ఆషాఢంలో మ్యాచి ఏందమ్మా? దుమ్ముకు కండ్లు తెరవను కాదు. దసరా అయినంక పెట్టుకుందాం. కాదంటే టౌన్లో ఆ రేకుల షెడ్డు కోర్టు ఉండాది గదా, ఆడ పెట్టు."

"వాళ్ళకు వేరే తేదీ కుదరదంట సార్. మన గ్రౌండే చూడాలంట" అన్నాను. రెండూ అబద్ధాలే.

అక్కకు ఫోన్ చేసి, "ఆ పొద్దు డ్యూటీ మధ్యలోనన్నా ఒకసారి వచ్చిపో" అన్నాను. "ఏమిటికే?" అంది. "వస్తే నీకే తెలుస్తాది" అన్నాను.

ఆ రోజు గాలి నా పక్షాన నిలబడింది. షామియానా కట్టబోతే గుడ్డ చిరిగిపోయింది. అకాడమీ పిల్లలు తాటిచెట్లంత ఎత్తున, ఖరీదైన బూట్లతో దిగారు. మేడమ్ జుట్టు నెరిసింది గానీ ఆ గొంతు మారలేదు. చల్లటి మజ్జిగ చేతికిచ్చాను. "కొంచెం గాలిగా ఉన్నట్టుందే" అంది. "మాకిది మామూలే మేడమ్" అన్నాను వినయంగా.

మ్యాచి మొదలైంది. ఆ పిల్లలు దూరం నుంచి వేసిన బంతి వేసినట్టే తూర్పుకు కొట్టుకుపోయింది. మా పిల్లలేమో ఖాళీలోకి వేస్తారు, బంతి రింగులోకి పోతుంది. మేడమ్ గొంతు చించుకుంటోంది, "చూసి వెయ్యండే! బోర్డు కనపడట్లేదా?" అని. ఒక్కో అరుపూ నాకు పాయసంలా ఉంది.

హాఫ్ టైమ్‌లో ఆమె నా మీదికి వచ్చింది. "ఇదేం కోర్టమ్మా? ఈ గాలిలో ఎవరైనా ఆడతారా?" అని, మళ్ళీ తన పిల్లల్ని తిట్టి, బంతి లాక్కుని, "ఇట్లా వెయ్యాలి" అని తనే వేసింది. తూర్పుకు పోయింది. ఇంకోటి వేసింది. అదీ పోయింది. మూడోది రింగు వైపు కూడా చూడలేదు.

నేను ఆమె పక్కకు పోయి, అందరికీ వినపడేలా అడిగాను. "ఫ్యాను ఆపమంటారా మేడమ్?"

కథ తెలిసిన మా పిల్లలు పడీ పడీ నవ్వారు. లెక్చరర్లు నవ్వారు. ప్రిన్సిపాల్ సారు కర్చీఫు అడ్డం పెట్టుకున్నాడు. నా కడుపు చల్లబడింది. చల్లబడ్డ కడుపు ఊరుకుంటుందా, ఇంకా కావాలంది.

అప్పుడే అక్క వచ్చింది. ఖాకీ చొక్కా, భుజాన సంచి, బస్సు దిగి సగం పరుగున వచ్చినట్టుంది. చెయ్యి పట్టి కోర్టు మధ్యలోకి లాక్కొచ్చాను. "ఈమె ఎవరో గుర్తుందా మేడమ్?" అని మొత్తం చెప్పాను. ఇండోర్ స్టేడియం, రెండు బాల్స్, ఫ్యాను మాట, అన్నీ.

మేడమ్ అక్కను కాసేపు చూసింది. "నిజంగా నాకు గుర్తులేదమ్మా" అంది.

గుర్తులేదట! మా ఇంట్లో ఒక మనిషి బతుకును మళ్ళించిన మాట, అన్నావిడకు గుర్తే లేదు. బంతి తీసి అక్క చేతుల్లో పెట్టాను. "వేసి చూపించుక్కా. రెండు బాల్స్."

"వద్దే" అంది అక్క, నాకు మాత్రమే వినపడేలా.

"వెయ్యి!"

పిల్లలు చప్పట్లు మొదలుపెట్టారు, "అక్కా! అక్కా!" అని. అక్క సంచి దించింది. జడ కొస చూసుకుంది. వేసింది. బంతి సరిగ్గా పోవలసిన దారిలోనే పోయింది, సరిగ్గా వంగవలసినంతే వంగింది, రింగుకు చాలా ముందే కిందికి దిగిపోయింది. చేతిలో బలం చాల్లేదు. రెండోదానికి అక్క పళ్ళు బిగించి, మునివేళ్ళ మీద లేచి వేసింది. అదీ చాల్లేదు. అకాడమీ పిల్లల్లో ఎవరో కిసుక్కుమన్నారు.

మేడమ్ వాళ్ళ వైపు ఉరిమి చూసింది. తర్వాత అందరి ముందరే చెప్పింది. "గురి తప్పలేదు. గాలి సంగతి నాకంటే బాగా తెలిసిన మనిషి ఈమె. ఆ రోజు నేను ఆ రెండు బాల్స్ ఇచ్చి ఉండాల్సింది. తప్పు నాదే."

ఆ మాట కోసం నేను సగం వయసు ఖర్చు పెట్టాను. గర్వంగా అక్క వైపు తిరిగాను. అక్క ఖాకీ చొక్కాకు చేతులు తుడుచుకుని, సంచి భుజాన వేసుకుని, "బస్సు టైమయింది" అని వెళ్ళిపోయింది.

రెండో సగానికి ముందు మా పిల్లలకు ఒక్కటే చెప్పాను, కనికరం వద్దని. వాళ్ళు చూపలేదు. చిత్తుగా ఓడించి పంపారు. జనం ఇంకా కేకలు వేస్తుండగానే నేను స్కూటీ తీసి బస్టాండుకు పోయాను. అక్క బస్సు ఇంకా కదల్లేదు. ఎక్కి, ఆయాసపడుతూ, "గెలిచినామక్కా!" అన్నాను.

"గెలిస్తిరా? మంచిది." టికెట్ మిషన్ మీది నుంచి తలెత్తలేదు.

"అట్లుండావేందక్కా? ఆయమ్మ ఒప్పుకునె కదా, అందరి ముందర! ఇంగేం కావల్ల?"

అక్క మిషన్ పక్కన పెట్టి నన్ను చూసింది.

"నేనడిగినానా నిన్ను? రెండు బాల్స్ ఇచ్చింటే పడేటివని ఇన్నేండ్లూ చెప్పుకుంటాంటి నాకు నేను. నిలబడి నిలబడి కాళ్ళు లాగుతాంటే అదే చెప్పుకుంటాంటి. ఎవురన్నా చిల్లర కోసరం నోరు పారేసుకుంటే, నేనెవురో నీకు తెల్దులే అనుకుంటాంటి. ఆయమ్మ ఇయ్యకపోయె, అందుకే అది నాకు మిగిలిండె. ఈ పొద్దు నువ్వు ఇస్తివి. పడకపాయె. ఇంగ నేనేం చెప్పుకునేది?"

వెనక సీట్లో ఎవరో కణేకల్‌కు బస్సు ఎక్కడ మారాలని అడిగారు. అక్క వాళ్ళకు ఓపిగ్గా చెప్పి, మళ్ళీ నా వైపు తిరిగింది.

"దిగు. బస్సు కదలాల."

దిగాను.