అల్వారో మనవరాలికి ఊరు చూపించబోయిన వైనం

సియెనా చూడ్డానికి ప్రపంచమంతా వస్తుంది. దాన్ని చూపించడానికి మా అల్వారో అంత పనికిమాలిన మనిషి ఊరంతా వెతికినా దొరకడు. ఈ మాట కోపంతోనే అంటున్నాను.

ఎనభై దాటిన మనిషి. మునిసిపాలిటీలో మేస్త్రీగా చేశాడు. ఏటా గుర్రప్పందేనికి ముందు ఊరి నడిమి మైదానంలో రాళ్ల మీద మన్ను పరిచి దిమ్మిస కొట్టేవాళ్లలో ఒకడు. భార్య పోయాక మా పై అంతస్తులో ఒంటరిగా ఉంటున్నాడు. ఆ పందెంలో తలపడేది ఊళ్లోని పేటలే. మాది ఏనుగు పేట. ఊళ్లో ఇన్ని పేటలున్నా మాకు అస్సలు గిట్టనిది బాతు పేట. ఎందుకని మా తాతల్ని అడిగితే, వాళ్ల తాతల్ని అడగమనేవారు. మేం వాళ్ల వీధిలో అడుగు పెట్టం, వాళ్లు మా వీధిలో పెట్టరు. ఇప్పటి కుర్రాళ్లకి ఇంత పట్టింపు లేదు గానీ మా ఈడు వాళ్లకి అది రక్తంలోనే ఉంది.

అలాంటివాడి కూతురు ఫియొరెల్లా బాతు పేట మౌరోని చేసుకుంది. అల్వారో పళ్లు కొరుక్కుని దానికీ సర్దుకున్నాడు. పందెం రోజుల్లో మొగుడూ పెళ్లాం ఎవరి పేటకి వాళ్లు పోయి పడుకునేవారు, మా ఊళ్లో అది మామూలే. కానీ బిడ్డ పుట్టాక బాతు పేట ఫౌంటెన్ దగ్గరికి తీసుకెళ్లి, ఆ నీళ్లు నెత్తిన చల్లించి, ఆ పేట రుమాలు మెళ్లో కట్టించారు. అంటే బిడ్డ ఇక బాతు పేటదే. అంతటితో కూతురితో మాటలు బంద్. వాళ్లు ఉద్యోగాల కోసం దేశం అటు చివరున్న త్రియెస్తే వెళ్లిపోయారు. కిందటేడు మౌరో జబ్బు చేసి పోతే కూడా ఈ మహానుభావుడు గడప దాటలేదు.

వేసవి చివర్లో ఫియొరెల్లా ఫోన్ చేసింది. అల్వారోకి చెవుడు, స్పీకర్ పెట్టుకునే మాట్లాడతాడు, అందుకని అక్కడే ఉన్న నేనూ విన్నాను.

"నాన్నా, వచ్చే నెల ఒక్కరోజు వస్తాం. వియోలా ఊరు చూడాలంటోంది. నువ్వే చూపించు. తాతలా ఉంటే మళ్లీ మళ్లీ వస్తాం. పేటా గీటా అని గొడవ పెట్టావంటే మాత్రం ఇదే ఆఖరు. పాపని ఇంకెప్పుడూ తీసుకురాను."

"అసలు ఆ మాటే ఎత్తను తల్లీ, ఒట్టు," అన్నాడు.

మర్నాటి నుంచీ కింద బార్‌లో కాఫీ తాగుతూ అదే పని. బల్ల మీద చక్కెర పొట్లాలు పేర్చి ఊరు కట్టేవాడు. ఇది సాన్ దొమెనికో చర్చి, బస్సు దిగేది ఇక్కడే. ఇది మైదానం. ఇది పెద్ద చర్చి, దాని నేల మీది బొమ్మల్ని ఏడాదిలో ఎక్కువ కాలం చెక్కలతో కప్పి ఉంచుతారు, ఇప్పుడు తెరిచే ఉంటాయి, పాప అదృష్టవంతురాలు. ఆ తర్వాత మా వీధి, భోజనం. చూపుడు వేలితో ఆ దారంతా నడిచేవాడు. ఆ వేలు ఒక్కచోట మాత్రం పెద్ద చుట్టు తిరిగిపోయేది.

"సెయింట్ కతెరీనా పుట్టిన ఇల్లేదయ్యా?" అన్నాను. "అది చూడకుండా సియెనా చూశామని ఎవరైనా అంటారా?"

"సాన్ దొమెనికోలో ఆవిడ తలనే భద్రపరిచి పెట్టారుగా. తల చూశాక ఇల్లెందుకే లొరియానా?"

బార్‌లో అందరూ పగలబడి నవ్వారు. అల్వారో నవ్వలేదు. ఆ ఇల్లుండేది బాతు పేటలో.

"ఓరి వెర్రినాగన్నా, అది మౌరో పుట్టిన వీధి కూడానూ. తండ్రి పోయిన పిల్ల ఇంత దూరం వచ్చేది చర్చిలో తల చూడ్డానికనుకున్నావా?"

"చిన్నపిల్లకి వీధులేం తెలుస్తాయిలే," అన్నాడు. నిజంగానే అలా నమ్మాడు. మనకి అక్కర్లేనిది అవతలివాళ్లకీ అక్కర్లేదనుకోవడం ఎంత హాయి!

ఆ రోజు రానే వచ్చింది. అల్వారో క్షవరం చేయించుకున్నాడు. పొద్దున్నే నన్ను లేపి, పిండి కలిపించి, పీచి అనే లావుపాటి సేమ్యా చేత్తో పేనించాడు. వెల్లుల్లి, టమాటా పులుసు తనే కాచాడు. నన్ను కూడా రమ్మన్నాడు, చెవుడు కదా, పాప మాటలు అందవేమోనని భయం.

వియోలా సన్నగా, మౌరో చెవులే పుణికిపుచ్చుకుని బస్సు దిగింది. అల్వారో దాని చెయ్యి పట్టుకుని చర్చిలోకి తీసుకెళ్లాడు.

"నిజం తలేనా తాతా?"

"నిజందే. నా తల కంటే బాగానే పనిచేస్తుంది."

పిల్ల కిలకిలా నవ్వింది. ఆ ముసలాడి మొహం అంత వెలగడం నేనెప్పుడూ చూడలేదు. ఫియొరెల్లా కూడా కాస్త మెత్తబడింది. ఇక గట్టెక్కినట్టే అనుకున్నాను.

బయటికొచ్చాక పిల్ల గోడ మీంచి కిందికి వంగి చూసింది.

"అమ్మా, నాన్న వీధి ఆ కిందేనా?"

"అదే."

"తాతా, పద! నాకు నీళ్లు చల్లిన ఫౌంటెన్ చూపించు."

"ముందు పెద్ద చర్చికి పోదాం తల్లీ. లైను పెరిగిపోతుంది."

"అది చూశాక వెళ్దామా మరి?"

అల్వారో నా వైపు చూశాడు.

"అక్కడ చూడ్డానికేమీ లేదమ్మా," అన్నాడు.

పేట మాట ఎత్తనని ఒట్టేశాడు, ఎత్తలేదు. ఎత్తి తిట్టినా బాగుండేది. ఫియొరెల్లా మొహం మాడిపోయింది.

"ఏమీ లేదా? సరే నాన్నా. మేం వెళ్తున్నాం. వస్తే రా."

తల్లీ కూతుళ్లు వాలు దిగడం మొదలుపెట్టారు.

"వెళ్లవయ్యా! నీ కాళ్లేం అరిగిపోవు," అని వీపు మీద ఒకటి వేశాను. కమ్మీ పట్టుకుని ఒక కాలు ముందుకేశాడు. మళ్లీ వెనక్కి తీసుకున్నాడు. మలుపు దగ్గర పిల్ల ఆగి, చెయ్యూపి రమ్మని పిలిచింది. తల్లి లాగుతున్నా కదలకుండా పిలుస్తూనే ఉంది.

ఈయన గొంతు చించుకుని అరిచాడు. "భోజనం రెండింటికి!"

ఎవరూ రాలేదు. పొయ్యి మీద నీళ్లు మరిగి ఇంకిపోతుంటే మళ్లీ పోస్తూ కూర్చున్నాడు. సాయంత్రమవుతుండగా ఫియొరెల్లా నాకు ఫోన్ చేసింది.

"పిన్నీ, రైలెక్కేశాం. ఇంకెప్పుడూ ఏ ఏర్పాట్లూ చేయొద్దని నాన్నకి చెప్పు."

"ఒక్కసారి ఆయనతో మాట్లాడమ్మా."

"ఏం మాట్లాడను? తాతకి నాన్నంటే ఎందుకిష్టం లేదని పాప అడుగుతోంది. దానికి జవాబు ఆయన దగ్గరుంటే ఫోనివ్వు."

ఫోన్ చేత్తో మూసి, ఆ మాట ఆయన చెవి దగ్గర అరిచి చెప్పాను. తల అడ్డంగా ఊపాడు. ఫోన్ పెట్టేశాను. ఇంకెప్పుడూ రారన్న మాట కూడా చెప్పేశాను, దాచి ఏం లాభం? లేచి పొయ్యి ఆర్పాడు.

"లొరియానా, పాప అక్కడ ఏం చూసి ఉంటుందంటావ్?"

పుట్టినప్పటి నుంచీ ఈ ఊళ్లోనే ఉన్నవాడు, పావుగంట నడిస్తే వచ్చే వీధిలో ఏముందని నన్నడుగుతున్నాడు. నేనూ ఎన్నడూ వెళ్లలేదు.